తోక ఒకరిది, ఒళ్ళు ఒకరిది: మద్నూర్ రోడ్డు మీద ఒక మిగ్-27

సెలవు దొరికితే మా ఆఫీసు వాళ్ళు అరకు పోతారు, అరుణాచలం పోతారు. నేను మాత్రం ఎక్కడో ఒక కాలేజీ గేటు ముందు దిమ్మె మీద నిలబెట్టిన పాత యుద్ధవిమానం కోసం పోతాను. ఇంట్లో దీనికి పిచ్చి అన్న పేరు స్థిరపడిపోయింది, నేనూ కాదనడం మానేశాను. పోయిన నెల మిగ్-27 గురించి ఇక్కడ రాసింది చదివి బాన్సువాడ నుంచి ఒకాయన ఫోన్ చేశారు. పేరు వెంకటరత్నం. వైమానిక దళంలో ఆయుధాల ఫిట్టరుగా పనిచేసి రిటైరయ్యారట. విమానానికి బాంబులు తగిలించడం, తుపాకిలో గుళ్ళు నింపడం ఆయన పని. కార్గిల్ యుద్ధంలో ఆయన చేతుల మీదుగా లేచిన మిగ్-27 ఒకటుంది. "అమ్మా, అది గురువారం మా వైపు నుంచి పోతోంది, చూస్తారా?" అన్నారు. ఆ విమానాలన్నీ ఎప్పుడో విశ్రాంతి తీసుకున్నాయి కదా, ఆకాశంలో ఎలా పోతుందని అడిగాను. "ఆకాశంలో కాదమ్మా, లారీ మీద" అన్నారు.

సంగతేమిటంటే, నాసిక్ వైపు నుంచి ఒక పాత మిగ్-27ని సంగారెడ్డి దగ్గర ఒక కాలేజీలో ప్రదర్శనకి పెట్టడానికి తీసుకొస్తున్నారు. దాన్ని లారీకి ఎక్కిస్తుండగా చూసిన పాత స్నేహితుడొకాయన తోక మీది నంబరు చదివి వెంటనే ఈయనకి ఫోన్ చేశాడు: ఇది నీదేరా రత్నం అని. "కాలేజీకి పోయి చూడొచ్చు కదండీ" అంటే ఆయనకి కాస్త కోపం వచ్చింది. "దిమ్మె ఎక్కించాక ఇంకేం అందుతుందమ్మా? నాకు చెయ్యి వేసి చూసుకోవాలి. ఒక్కసారి." ఆ మాట విన్నాక ఇంక నేను ఆగలేదు.

గురువారం పొద్దున్న ఆరింటికి జూబ్లీ బస్టాండులో బాన్సువాడ ఎక్స్‌ప్రెస్ ఎక్కాను. ఆడవాళ్ళం ఆధార్ కార్డు చూపిస్తే టికెట్టుకి డబ్బుల్లేవు. మగవాళ్ళకి మూడు వందలకి కాస్త అటూఇటూ అవుతుంది. మెదక్, ఎల్లారెడ్డి మీదుగా నాలుగున్నర గంటలన్నారు, బస్సు ఎల్లారెడ్డిలో టీకి ఆగి, డ్రైవరు బావమరిది ఎవరో ఎక్కేదాకా కదలక, దాన్ని ఐదు గంటలు చేసింది. కండక్టరుతో చిన్న గొడవ కూడా పెట్టుకున్నాను. ఎల్లారెడ్డి దాటాక కాలవ నీళ్ళు, యాసంగి నాట్లు కనపడేసరికి కోపం దానంతటదే దిగిపోయింది. బాన్సువాడ బస్టాండు బయట వెంకటరత్నం గారు మాట్లాడి పెట్టిన ఆటో ఉంది. ఆటో అతని పేరు సాయిలు.

"గా ఇమానం కోసమొచ్చిన అక్క మీరేనా? సార్ పొద్దటి సంది నాలుగుసార్లు ఫోన్ చేసిండు. బస్సు ఏడ దాకా వచ్చిందంటడు, నాకెట్ల తెలుస్తది చెప్పు?" అని నవ్వాడు. మద్నూర్ పోయి రావడానికి, అక్కడ ఆగడానికి కలిపి పదిహేను వందలు అడిగాడు. సరేనన్నాను.

వెంకటరత్నం గారి ఇల్లు వర్ని వైపు కాలవ పక్కన క్యాంపులో. కోస్తా నుంచి వచ్చి కాలవ కింద పొలాలు కొనుక్కుని స్థిరపడ్డ వాళ్ళ ఊళ్ళని ఇక్కడ క్యాంపులనే అంటారు. ఆయన తాతగారు అలా వచ్చినవారే. నేను వెళ్ళేసరికి ఆయన ఇస్త్రీ చొక్కా, నల్ల బూట్లు వేసుకుని అరుగు మీద నిలబడి ఉన్నారు. మోకాళ్ళు బాగా అరిగిపోయాయి, చెవులు కూడా అంతంతమాత్రం, గొంతు మాత్రం వీధి చివరికి వినపడుతుంది. భార్య సుశీల గారు నా చేతిలో పెసరట్టు పళ్ళెం పెట్టి, "మా పెళ్ళి రోజున మంగళవాయిద్యాలు మొదలయ్యాక స్నానానికి లేచాడమ్మా ఈయన. ఇవాళ నాలుగింటికే లేచి బూట్లకి పాలిష్ పెట్టాడు" అన్నారు. "పెళ్ళికూతురు ఎక్కడికీ పోదు కదా" అన్నారాయన. ఆవిడ నా వంక చూసి, విన్నావా అన్నట్టు తల ఊపారు.

తినేలోపే ఆయన మొదలుపెట్టారు. మిగ్-27 పని ఆకాశంలో ఇంకో విమానంతో కొట్లాడటం కాదు. కిందికి దిగి, నేలకి దగ్గరగా దూసుకుపోయి, నేల మీదున్న శత్రువుని కొట్టడం. అందుకే దాని ముక్కు బాతు ముక్కులా పల్చగా కిందికి వాలి ఉంటుంది, పైలట్‌కి కింద నేల బాగా కనపడాలని. కింద నుంచి కాలుస్తారు కాబట్టి అతను కూర్చునే చోట పక్కన ఉక్కు రేకులు. కడుపు కింద ఆరు గొట్టాల తుపాకి. "మీట నొక్కితే నాలుగైదు క్షణాల్లో పెట్టె మొత్తం ఖాళీ. ఆ అదురుకి విమానానికున్న దీపాలే పగిలిపోయేవి. కాల్చి వచ్చిన ప్రతిసారీ ముందు బల్బులు మార్చేవాళ్ళం, తర్వాతే గుళ్ళు" అన్నారు. నేను పుస్తకాల్లో చదివిన సంగతే ఇది. బల్బులు మార్చిన మనిషి నోట వింటుంటే మాత్రం తింటున్న పెసరట్టు చేతిలోనే ఉండిపోయింది.

ఈ రకం విమానాలు సోవియట్ వాళ్ళ చేతుల్లో అఫ్గానిస్థాన్ కొండల మీద, శ్రీలంక వాళ్ళ చేతుల్లో అక్కడి అంతర్యుద్ధంలో పోరాడాయి. మనకి మాత్రం మిగ్-27 అంటే కార్గిల్. అంత ఎత్తులో గాలి పల్చన. మైదానంలో సరిగ్గా తగిలే బాంబు అక్కడ పక్కకి పోయేది, ఇంజన్‌కీ ఊపిరి అందేది కాదు. ఒక మిగ్-27 ఇంజన్ దాడి మధ్యలోనే ఆగిపోయింది. పైలట్ పారాచూట్‌తో దూకి, అవతలి వాళ్ళకి చిక్కి, కొన్ని రోజులకి తిరిగొచ్చాడు. ఆ మాట చెప్పేటప్పుడు వెంకటరత్నం గారి గొంతు తగ్గింది. "అది మా పక్క దళం వాళ్ళది. మాది ప్రతిసారీ వచ్చిందమ్మా. వెళ్ళిన ప్రతిసారీ వచ్చింది" అన్నారు.

ఆయుధపూజ నాడు విమానానికి బొట్టు పెట్టి నిమ్మకాయ కట్టడం అందరికీ తెలిసిందే. తెలియనిది ఇంకోటి చెప్పారు. ముందు చక్రం మడిచి పెట్టుకునే గూడు ఒకటి విమానం ముక్కు కింద ఉంటుంది. ఆ గూటి లోపలి గోడ మీద, ఆఫీసర్ల కంట పడని చోట, కొందరు ఫిట్టర్లు మిగిలిన రంగుతో తమ గుర్తు వేసుకునేవారట. ఈయనది తిరునామం. "బయట ఎన్నిసార్లు రంగులు కొట్టినా ఆ గూట్లో ఎవడూ చెయ్యి పెట్టడు. నా నామం అక్కడే ఉంటుంది. చూపిస్తాను పదండి" అని కర్ర తీసుకున్నారు.

పిట్లం దాకా పొలాల మధ్య రోడ్డు, అక్కడ నుంచి పెద్ద హైవే. సాయిలు దారంతా కబుర్లు చెబుతూనే ఉన్నాడు. "సార్, ఇంత పెద్ద ఇమానం లారీల ఎట్ల పడ్తది?" అని అడిగితే, రెక్కలు, తోక ఊడదీసి విడిగా పెడతారని ఈయన అరిచి చెప్పారు. మద్నూర్ దాటి మహారాష్ట్ర వైపు కాస్త పోయాక, లారీలు బారులు తీరి ఆగే ఒక ధాబా దగ్గర దిగాం. నాసిక్ స్నేహితుడి ద్వారా లారీ డ్రైవరు ఇక్కడే భోజనానికి ఆగుతానని కబురు పంపాడు. జొన్నరొట్టె, శనగపిండి కూర తిన్నాం, మనిషికి ఎనభై రూపాయలు. రొట్టెలు కొట్టే ఆవిడ సగం మరాఠీ, సగం తెలుగు. వెంకటరత్నం గారి పళ్ళెం చూసి, "ఏందయ్యా, ముట్టుకోలే? రొట్టె బాగలేదా?" అంది. ఆయన కళ్ళు రోడ్డు మీదే ఉన్నాయి.

రెండు దాటాక వచ్చింది. ముందు ఎర్రజెండా కట్టిన జీపు, వెనక చక్రాలు లెక్కపెట్టలేనంత పొడుగు ట్రెయిలర్. దాని మీద, టార్పాలిన్ సగం కప్పుకుని, ఆ విమానం. ఇన్నాళ్ళూ దిమ్మెల మీద ఎన్నో చూశాను, తల ఎత్తి ఫొటో తీసుకుని వచ్చేశాను. ఇది నా భుజం ఎత్తులో ఉంది. ఇంజన్ గాలి పీల్చుకునే దారిలో నేను వంగి దూరితే పట్టేలా ఉన్నాను. రెక్కలు లేకపోయినా అది ఎక్కడికో దూకబోతున్నట్టే ఉంది. పక్కనే ఉల్లిగడ్డల లారీలు, ఒక గేదెల లారీ. నాకు కళ్ళు తడిశాయి, ఎందుకో ఇప్పటికీ చెప్పలేను. సాయిలు చెప్పులు విడిచేశాడు.

డ్రైవరు నాందేడ్ మనిషి. ముసలాయన బూట్లు, నిలబడ్డ తీరు చూసి విషయం అర్థం చేసుకున్నాడు. "హాత్ లావా, కాకా" అన్నాడు, చెయ్యి వెయ్యండి కాకా అని. అరగంట టైమిచ్చి తను రొట్టెలకి పోయాడు. వెంకటరత్నం గారు సాయిలు భుజం పట్టుకుని ట్రెయిలర్ ఎక్కారు. ముందు చక్రం కిందికే దించి ఉంది, గూడు తెరిచే ఉంది. వంగి, నా ఫోన్ లైటు వెలుగులో తల లోపలికి పెట్టారు. లోపలి గోడంతా వేలితో తడిమి చూశారు.

"నామం లేదమ్మా."

"చెరిగిపోయిందేమో అండీ."

"చెరగలేదు. ఇక్కడ వేరేది ఉంది. చూడండి."

నేనూ పైకెక్కి తల పెట్టి చూశాను. మసి, పాత నూనె మరకల మధ్య నీలం రంగుతో వేసిన చిన్న చేప. చిటికెన వేలంత ఉంటుంది. కన్ను, పొలుసులు, అన్నీ ఓపికగా వేశాడెవరో. వెంకటరత్నం గారు నెమ్మదిగా వెనక్కి నడిచి, విడిగా కట్టి పడుకోబెట్టిన తోక దగ్గరికి వెళ్ళారు. నంబరు ఆయనదే. దాని మీద అరచెయ్యి పెట్టి నిలబడిపోయారు. అప్పటికి నాకూ అర్థమైంది. ప్రదర్శనకి పెట్టేవాటికి అన్ని భాగాలూ ఒకే విమానానివి దొరకవు. ఉన్నవాటిలో బాగున్నవి ఏరి ఒకటిగా చేస్తారు. తోక ఈయన విమానానిది, ఒళ్ళు ఇంకొకరి విమానానిది. ఆయన చెయ్యి వేయాలనుకున్న ఒళ్ళు ఎక్కడో తుక్కుగా కరిగిపోయి ఉంటుంది. నాకు ఎవరి మీదో తెలియని కోపం వచ్చింది, ఏదో అనబోయాను కూడా.

ఆయనే ఆపారు. "మేమూ అదే చేశామమ్మా యుద్ధంలో. తెల్లారేసరికి లేవాలంటే, దెబ్బతిన్నదాని సామాను పీకి బాగున్నదానికి పెట్టేవాళ్ళం. అది నాది, ఇది నీది అని చూసుకుంటే ఒక్కటీ లేచేది కాదు." కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. మళ్ళీ ముక్కు వైపు చూశారు. "వీడికెవరూ ఫోన్ చేసినట్టు లేదు. ఈ చేప వేసినవాడికి. వాడి విమానం ఇటు పోతోందని వాడికి తెలియదు."

తర్వాత కర్ర నాకిచ్చేసి, ఆ విమానం చుట్టూ ముక్కు నుంచి మొదలుపెట్టి ఒక్కో అంగుళం తడుముతూ తిరిగారు. రెక్క తగిలించే చోట తాడు ఒరుసుకుంటోందని భుజం మీది తువ్వాలు మడిచి కింద పెట్టారు. టార్పాలిన్ ముడి విప్పించి సాయిలు చేత మళ్ళీ కట్టించారు, అదీ రెండుసార్లు. "సార్, మా ఆటోకు గూడ గింత జూడలే నేను" అని సాయిలు గొణిగాడు. డ్రైవరు వచ్చి, చేరగానే ఫోన్ చేస్తానని ఈయన నంబరు తీసుకుని ఇంజన్ స్టార్ట్ చేశాక, వెంకటరత్నం గారు ఎదురుగా వెళ్ళి నిలబడి బొటనవేలు పైకెత్తి చూపించి సెల్యూట్ చేశారు. డ్రైవరు ముందు నవ్వాడు. తర్వాత నవ్వు ఆపి, తనూ చెయ్యెత్తి నుదుటికి పెట్టుకుని, బండి కదిలించాడు.

ధాబావాళ్ళు కుర్చీ వేస్తే ఆయన కూర్చోలేదు. లేచిన విమానం దిగిందని తెలిసేదాకా దాన్ని పంపినవాళ్ళు కూర్చోరట. ఆటోలో తప్పదు కాబట్టి కూర్చున్నారు, అదీ సీటు అంచున, నా మీద విసుక్కుంటూ. ఇంటికి వచ్చాక మళ్ళీ నిలబడ్డారు. ఆ మోకాళ్ళతో వరండాలో అటూ ఇటూ తిరుగుతూ, పళ్ళెం చేత్తో పట్టుకుని తిన్నారు. "నా కాన్పప్పుడూ ఇంతే, ఆస్పత్రి వరండాలో రాత్రంతా నిలబడ్డాడు, పాపం" అన్నారు సుశీల గారు, ఈసారి ఎగతాళి లేకుండా. ఎనిమిది కావస్తుండగా ఫోన్ మోగింది. డ్రైవరు గొంతు నాకూ వినపడింది: "కాకా, పోహోచ్‌లో." చేరిపోయాం అని. ఆయన ఫోన్ పెట్టేసి, కుర్చీ చేతులు పట్టుకుని, మెల్లగా కూర్చున్నారు.

విమానాల యుద్ధచరిత్ర అంటే ఎన్నిసార్లు దాడికి వెళ్ళింది, ఏది కూల్చింది అనే నేనూ ఇన్నాళ్ళు రాశాను. అది గొప్పదే, ఇప్పటికీ ఒళ్ళు గగుర్పొడుస్తుంది. వెళ్ళిన ప్రతిసారీ కింద ఎవరో ఒకరు కూర్చోకుండా ఉన్నారన్నది మాత్రం నాకు తట్టలేదు. ఆ రాత్రి బస్టాండు దగ్గర లాడ్జిలో, ఏడు వందల గదిలో, చాలాసేపు నిద్ర పట్టలేదు. ఇటు వచ్చేవాళ్ళకి ఒక్క మాట: మద్నూర్ వైపు వెళ్ళాలంటే ఆటోని బాన్సువాడలోనే, ఆగే సమయంతో సహా మాట్లాడుకోండి, సాయంత్రం పిట్లంలో బస్సు కోసం నిలబడితే ఎంతసేపో ఎవరూ చెప్పలేరు. ఇంకొకటి నా కోసం కాదు. ఇది చదివేవాళ్ళలో మిగ్-27 మీద పనిచేసినవాళ్ళు, వాళ్ళ పిల్లలు ఉంటే మీ ఇంట్లో అడగండి, ముందు చక్రం గూట్లో నీలం రంగు చేప వేసిందెవరని. తెలిస్తే కింద కామెంట్ పెట్టండి. మీ విమానం క్షేమంగా చేరింది, మీ బదులు ఒకాయన నిలబడ్డారు.