సారక్క రెండుసార్లు చదివిన పదో తరగతి

పందొమ్మిది వందల డెబ్బై ఒకటి జూన్‌లో నేను పదో తరగతిలో అడుగుపెట్టేసరికి ఆడపిల్లల బెంచీ మీద అప్పటికే ఒకామె కూర్చుని ఉంది. నాకంటే జానెడు పొడుగు. ఆమె పుస్తకాల అట్టలు నలిగి మెత్తబడి ఉన్నాయి. లెక్కల సారు మొదటి లెక్క బోర్డు మీద పూర్తిగా రాయకముందే ఆమె జవాబు రాసి, కలానికి మూత పెట్టింది.

"నీకెట్ల తెలుసు?" అని అడిగాను.

"పోయినేడు గూడ గిదే లెక్కతోని మొదలువెట్టిండు" అంది.

ఆమె పేరు సారక్క. పోయినేడు ఆమె తప్పలేదు. అసలు పరీక్షే రాయలేదు. ఆ సంగతి ఆమె నాకు ఒక్కసారిగా చెప్పలేదు. ఏడాది పొడుగునా బెంచీ మీద పక్కపక్కన కూర్చుని, కొంచెం కొంచెంగా చెప్పింది.

సారక్క నాయన కొమురెల్లిది కమాన్‌పూర్ దగ్గర ఒక పల్లె. గోదావరిఖనిలో గనులు తెరిచిన కొత్తలో వచ్చి, తట్టతో బొగ్గును పట్టాల మీది టబ్బుల్లోకి ఎత్తే పనిలో చేరాడు. తల్లి లింగవ్వ, ముగ్గురు చిన్న పిల్లలు, పెద్దది సారక్క. అరవై తొమ్మిదిలో తెలంగాణ గొడవలకు బడులు నెలల తరబడి మూతపడ్డాయి. మళ్లీ తెరిచినప్పుడు ఆమె తరగతిలోని ముగ్గురు ఆడపిల్లల్లో ఇద్దరు రాలేదు. సారక్క వచ్చింది. ఒక్కతే ఒక బెంచీ మీద కూర్చుని తొమ్మిదో తరగతి ముగించింది.

డెబ్బైలో, వినాయక చవితి వెళ్లిన వారానికి కొమురెల్లి పొద్దుటి షిఫ్టుకు పోతూ బురదలో సైకిలు జారి పడ్డాడు. కుడికాలు రెండు చోట్ల విరిగింది. వరంగల్లు పెద్ద దవాఖానకు తీసుకుపోవాల్సి వచ్చింది. లింగవ్వ చంకలో నాలుగు నెలల పసిబిడ్డ ఉంది. మంచం దగ్గర ఉండే మనిషి సారక్కే అయింది.

సంచిలో బట్టలతోపాటు లెక్కల పుస్తకం, ఇంగ్లీషు వాచకం పెట్టుకుని రైలెక్కింది. నాయనను లేపి కూర్చోబెట్టడం, ఒళ్లు తుడవడం, అన్నం పెట్టడం, డాక్టరు వచ్చినప్పుడు మాట్లాడడం అన్నీ ఆమె పనే. మధ్యలో తీరిక దొరికితే సిద్ధాంతాలు పైకి చదివేది. అక్షరం ముక్క రాని కొమురెల్లికి లంబకోణ త్రిభుజం గురించి ఎంత పాఠమైందంటే, పక్క మంచం వాళ్లకు చెప్పేవాడట.

డిసెంబరు నడుమ తిరిగొచ్చింది. ఆ మర్నాటి నుంచి ఒక్కరోజు కూడా బడి మానలేదు. ఫిబ్రవరి చివర హెడ్‌మాస్టరు వామనరావు గారు ఆమెను గదికి పిలిపించారు. ఆయనది మంథని. గొంతు పెంచి ఎరుగరు. చెప్పవలసింది మాత్రం మెత్తగా చేసి చెప్పేవారు కాదు.

"బడి నడిచింది రెండువందల ఇరవై దినాలు. ముప్పావు వంతు హాజరుండాలె. అంటే నూట అరవై ఐదు. నీకు నూట యాభై రెండే ఉన్నయి. పదమూడు తక్కువ."

"వచ్చినకాంచి దినాం వచ్చిన గద సార్."

"వచ్చినవు. నేను చూసిన. కని రిజిస్టరు అది చూడదమ్మా."

హాజరు తక్కువైన వాళ్లకు మినహాయింపు అడగడానికి ఒక ఫారం ఉందని, దానికి డాక్టరు సర్టిఫికెట్ జతచేయాలని ఆయన చెప్పారు. జబ్బు పడింది విద్యార్థే అయి ఉండాలి.

ఈ మాట ఇంట్లో చెప్పగానే మేనమామ మొగిలి, "గిదెంత పని" అని బయలుదేరాడు. రెండు రోజుల్లో కాగితం తెచ్చాడు. అందులో సారక్కకు కామెర్లు వచ్చాయనీ, మూడు నెలలు మంచం మీద ఉందనీ రాసి ఉంది. కింద సంతకం, ముద్ర.

వామనరావు గారు ఆ కాగితం చదివి తలెత్తారు. "కామెర్లయినయా నీకు?"

సారక్క ఆ ముద్ర వంక చూసింది.

"నువ్వు అవునంటే నేను నమ్మాలె. ఫారం మీద సంతకం వెట్టి పంపుత."

"అవునందామనే పోయిన" అని నాతో చెప్పింది సారక్క. "అంటే అయిపోతుండె. కని మూడు నెలలు నాయినను ఎత్తి ఎత్తి నా రెక్కలు గుంజినయి. పండుకున్ననని చెప్పుమంటే కోపమొచ్చింది."

ఆమె నోటి నుంచి వచ్చిన మాట ఇది: "నాకేం కాలే సార్. నేను పండుకోలే. మా నాయినకు కాలిరిగితే దవాఖానల సేవ చేసిన."

వామనరావు గారు ఆ కాగితాన్ని మడిచి ఆమె చేతికిచ్చేశారు. సొరుగులోంచి ఒక తెల్లకాగితం తీసి ముందు పెట్టారు.

"గదే రాయి. ఒక్క ముక్క ఎక్కువొద్దు, తక్కువొద్దు."

ఆమె రాసింది. రోగి దగ్గర ఉండడానికి దవాఖాన వాళ్లిచ్చిన పాసు, తేదీల ముద్రలతో సహా జతచేసింది. వామనరావు గారు తన సిఫారసు ఒక పేజీ రాసి, బస్సెక్కి కరీంనగర్ విద్యాశాఖ ఆఫీసుకు పోయి, ఆ కాగితాలు స్వయంగా ఇచ్చి వచ్చారు. జవాబు రెండు వారాలకు వచ్చింది. విద్యార్థి తానే అనారోగ్యం పాలైన సందర్భాల్లో తప్ప మినహాయింపునకు వీలులేనందున అభ్యర్థన తిరస్కరించడమైనది, అని రెండు వరుసలు.

మొగిలి మామ నెత్తి కొట్టుకున్నాడు. "ఒక్క అవును అంటే నీ సొమ్మేం వోతుండె?" అని చెల్లెలు లింగవ్వ ముందే తిట్టాడు. ఆ రోజు సారక్క ఏడ్చింది. తప్పు చేశానేమో అని కూడా అనుకుంది. ఆ మాట నా దగ్గర దాచలేదు.

పరీక్షలు మొదలైన రోజు ఆమె ఇంకో పని పెట్టుకుంది. తోటి పిల్లలు పరీక్ష రాసి రాగానే ప్రశ్నపత్రం అడిగి తెచ్చుకుని, పుస్తకాలు తల్లికిచ్చేసి, గుమ్మంలో కూర్చుని మొత్తం రాసేది. ఇంట్లో గడియారం లేదు. పక్కింటి వాళ్ల గోడ గడియారం గంటలు కొడితే విని లెక్కపెట్టుకునేది. అన్ని పేపర్లూ అయ్యాక ఆ కట్ట తీసుకుపోయి వామనరావు గారి బల్ల మీద పెట్టింది.

"దిద్దుండ్రి సార్. నేను పాసయితుంటినా, కాకపోతుంటినా తెల్వాలె."

ఆయన ఆ కట్టను తలా ఒక సారుకూ పంచి దిద్దించారు. ఇంగ్లీషు మాత్రం తానే దిద్దారు. వారం తర్వాత పిలిచి ముందుపెట్టారు. లెక్కల్లో అరవై ఎనిమిది. తెలుగులో యాభై రెండు. ఇంగ్లీషులో ముప్పై ఒకటి. పాసు కావడానికి ముప్పై ఐదు కావాలి.

"ఆళ్లు రాయనిచ్చినా తప్పుతుంటివి" అన్నారు.

సారక్కకు ఆ మాటతో మనసు తేలికయిందట. ఎవరో తన చేతిలోంచి లాక్కున్నారనుకున్నది, నిజానికి ఇంకా చేతికే రాలేదు. ఇక చేయవలసిన పని ఏమిటో కనబడింది. "జూన్ల మళ్ల రాసుకుంటరా సార్ నా పేరు?" అని అడిగింది. రాసుకుంటామన్నారు.

ఇంట్లో ఒప్పించడం అంత సులువు కాలేదు. కొమురెల్లి కర్ర పట్టుకుని నడిచే స్థితికి వచ్చాడు. గనిలోకి దిగే పని మాన్పించి, పైన లాంపు రూములో దీపాలు ఇచ్చి పుచ్చుకునే పనిలో వేశారు. రామగిరి నుంచి ఒక సంబంధం వచ్చి ఉంది.

"ఏడాది నా కాలు కాడ వాయె బిడ్డా. ఇగ చాలు. ఇంట్ల ఉండు" అన్నాడు.

"నీ కాలిరిగిందని నిన్ను పనిలకెల్లి తీసేసిన్రా నాయినా? లాంపు రూముల కూసోవెట్టిన్రు. మరి నన్నెందుకు తీసేస్తున్నవ్?"

 కొమురెల్లి కాలు రాసుకుంటూ లింగవ్వ వైపు తిరిగి, "రామగిరోళ్లకు ఆగుమని చెప్పు. ఆగకుంటె మానె" అన్నాడు.

అట్లా ఆమె నా పక్కకు వచ్చి కూర్చుంది.

మొదట్లో తనకంటే చిన్న పిల్లలు "అక్కా, ఈసారన్న రాస్తవా?" అని వెనక నుంచి నవ్వేవాళ్లు. ఆమె తిరిగి చూసేది కాదు. రోజూ సాయంత్రం ఇంగ్లీషులో పది వాక్యాలు రాసి, మర్నాడు ప్రార్థనకు ముందే సారు చేత దిద్దించుకునేది. ఎర్రసిరా పడిన వాక్యాన్ని మళ్లీ ఐదుసార్లు రాసేది. దసరా దాటాక ఎర్రసిరా తగ్గింది.

డిసెంబరులో లింగవ్వకు టైఫాయిడ్ వచ్చింది. ఆ సోమవారం ప్రార్థనకు సారక్క రాకపోతే, ఈ ఏడు కూడా పోయిందనుకున్నాను. అయితే రెండో పీరియడు మొదలుకాకముందే వచ్చింది. పిండి అంటిన చేతులతోనే వచ్చింది. కొమురెల్లి తోటివాళ్లను బతిమాలి, మధ్యాహ్నం తర్వాత మొదలయ్యే రెండో షిఫ్టు డ్యూటీకి మారాడట. పొద్దున వంట, నీళ్లు, పసిపిల్ల, అన్నీ ఆయనే. మధ్యాహ్నం ఒక చేత్తో కర్ర, ఇంకో చేత్తో టిఫిను గిన్నె పట్టుకుని బడి గేటు దగ్గర నిలబడేవాడు. అన్నం కొన్నిసార్లు పలుకుగా ఉండేది, కొన్నిసార్లు మాడేది. సారక్క వంక పెట్టకుండా తినేది. నాకూ పెట్టేది.

ఆ ఏడాది ఆమె బడికి రానిది రెండే రోజులు. ఆ రెండు రోజులూ ఆమెకే జ్వరం.

ఆ ఏడు పరీక్షా కేంద్రం మారడంతో, మార్చిలో గోదావరి అవతల మంచిర్యాలలో పరీక్షలు రాశాం. అక్కడ మాకు తెలిసిన పూలమ్మ అనే ఆమె ఇంట్లో అందరం దిగాం. ఫలితాలు పత్రికలో వచ్చిన రోజు సారక్క నంబరు సెకండు క్లాసు వరుసలో ఉంది. నా నంబరు ఏ వరుసలోనూ లేదు. నేను లెక్కల్లో తప్పాను.

మూడు రోజులు నేను గడప దాటలేదు. నాలుగో రోజు పొద్దున సారక్క మా ఇంటికి వచ్చింది. నన్ను ఓదారుస్తుందనుకున్నాను. ఆమె నా జవాబుల తీరు అడిగింది. ఏ లెక్క ఎక్కడ వదిలేశానో అడిగింది. నేను చెబుతుంటే వేళ్ల మీద లెక్కపెట్టుకుంది.

"బీజగణితం కాడ వోయినవ్. రేఖాగణితం మంచిగనే ఉన్నది. లే, మొకం కడుక్కో. ఎనుకటి పరీక్ష కాయితాలున్నయా?"

మా అమ్మ చాయ్ తెచ్చేలోపు నా చేత రెండు లెక్కలు చేయించింది. ఎండాకాలం పోయి వానలు పట్టేదాకా, తనకు టీచరు ట్రైనింగుకు పిలుపు వచ్చేదాకా, ఆమె వారానికి నాలుగు రోజులు మా ఇంటికి వచ్చింది. సెప్టెంబరు పరీక్షలో నేను పాసయ్యాను.

డెబ్బై ఐదులో ఆమెకు కమాన్‌పూర్ వైపు ఒక ఊళ్లో ప్రాథమిక పాఠశాలలో ఉద్యోగం వచ్చింది. ఒకసారి చూడపోయాను. మధ్యాహ్నం బడి విడిచాక ఆమె నేరుగా ఇంటికి పోలేదు. "మూడు దినాలాయె, కనకవ్వ బిడ్డ బడికి రాకవట్టి, తల్లితోని నాటుకు వోతున్నదట. నువ్వు గూడ రా" అని నన్ను వెంటబెట్టుకుని, చెప్పులు చేతబట్టుకుని, పొలం గట్ల మీదుగా వరినాటు దగ్గరికి నడిచింది.