మగ్గం పట్టిన చేతికి పిస్టల్

2022 ఎండాకాలం. హిందూపురం బజారులో మా కొట్టు. బోర్డు మీద ఆర్మ్స్ అండ్ అమ్యూనిషన్ డీలర్ అని రాసి ఉంటుంది గానీ ఊళ్లో అందరికీ అది తుపాకుల బాషా కొట్టే. మా నాయన పెట్టిన కొట్టు. ఆయన పోయాక లైసెన్సు నా పేరుకు మార్చుకుని నడుపుకొస్తున్నాను. రాయలసీమలో తుపాకుల వ్యాపారం అనగానే బయటివాళ్లు కళ్లు పెద్దవి చేస్తారు. అసలు సంగతి చెబితే నీరుగారిపోతారు. వేరుశనగ చేలమీద పడే అడవిపందులను బెదరగొట్టడానికి రైతులు కొనే తుపాకులు, బ్యాంకు కాపలాదార్ల తుపాకులకు రిపేర్లు, ఎన్నికలొస్తే డిపాజిట్లు, ఇంతే మా బతుకు. ఎన్నికల ముందు లైసెన్సు ఉన్నవాళ్లు తమ ఆయుధాలను స్టేషన్లోనో డీలరు దగ్గరో అప్పజెప్పాలి. అప్పుడు మాత్రం మా ఇనుప బీరువాల్లో చెయ్యి దూరదు. పిస్టల్ కోసం వచ్చేవాళ్లు ఎప్పుడో ఒకరు. అందులో ఆడమనిషి, తన కోసం తాను కొనుక్కోవడానికి వచ్చింది మాత్రం గిరిజ ఒక్కతే.

ధర్మవరంలో రైలెక్కి వచ్చింది. నలభైకి అటూ ఇటూ వయసు. భార్యాభర్తలిద్దరూ పట్టుచీరలు నేస్తారు. కాలేజీ రోజుల్లో ఎన్‌సీసీలో తుపాకీ పట్టిందట. పెళ్లయ్యాక పెనుకొండ అవతల గుట్టల మధ్య ఉన్న రైఫిల్ క్లబ్బులో చేరి, ఆదివారాలు ఒంటిచేత్తో పిస్టల్ కాల్చి రాష్ట్రస్థాయి పతకాలు తెచ్చుకుంది. క్రీడాకారుల కోటాలో ఒక పిస్టల్‌కు లైసెన్సు వచ్చింది. ఆ మాట చెబుతూనే సంచీలోంచి నడుముకు కట్టే బెల్టు, దానికి తగిలించే హోల్‌స్టర్, అంటే పిస్టల్ పెట్టుకునే ఒర, తీసి బల్ల మీద పెట్టింది. అప్పుడే కొనేసిందట. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నాను. ఆమె కూడా నవ్వింది.

ఆమెకు కావలసింది ప్రాక్టికల్ షూటింగ్ అనే ఆటకు పనికొచ్చే పిస్టల్. నిలబడి ఒకే చుక్కను చూసి కాల్చే ఆట కాదిది. టైమర్ కూత పెట్టగానే ఒరలోంచి పిస్టల్ తీసి, రెండు చేతులతో పట్టుకుని, ఒక చోటినుంచి ఇంకో చోటికి పరిగెత్తుతూ అట్టబొమ్మల్నీ ఇనుప పలకల్నీ కాల్చాలి. మధ్యలో తూటాలు అయిపోతే మ్యాగజైన్, అంటే తూటాల డబ్బీ, మార్చుకోవాలి. గురికీ వేగానికీ కలిపి మార్కులు. మన వైపు ఆడేవాళ్లు తక్కువ. ఒంటిచేతి ఆటలో ఇంత పేరుండగా ఈ వయసులో ఇదెందుకమ్మా అని అడిగాను.

"పొద్దన గుంతలో కాళ్లు పెడితే చీకటిపడేదాకా ఆడనే సార్. మా అవ్వ అట్లనే కూచున్యాది, మా అమ్మా అట్లనే. పతకాలు తెచ్చిన ఆట గూడా నిలబడిన కాడ్నే నిలబడేది. నాకు పరిగెత్తేది కావల్ల."

నేలలో తవ్విన గుంటలో కాళ్లు దించి కూర్చుని నేసే గుంటమగ్గం తెలిసినవాళ్లకు ఆ మాట అర్థమవుతుంది. నేను కూడా గల్లాపెట్టె వెనక కూర్చుని తలనెరిసినవాణ్ణే.

ఈ పనిలో తొందర పనికిరాదు. ఒకసారి పిస్టల్ లైసెన్సులోకి ఎక్కిందంటే మార్చుకోవడం చీర మార్చుకున్నంత సులువు కాదు. అమ్మడానికి అనుమతి, మళ్లీ కొనడానికి అనుమతి. ఈ ఆటకు ఎక్కువమంది వాడే తొమ్మిది ఎంఎం రకం మామూలు మనుషులకు మన దేశంలో నిషిద్ధం. క్రీడాకారులు కూడా ప్రత్యేక అనుమతితో బయటినుంచి తెప్పించుకోవాలి. ఎన్నేళ్లు పడుతుందో చెప్పలేం. కాబట్టి ఆమెకున్నది ఒక్క అవకాశం. తప్పు పిస్టల్ ఎంచుకుంటే ఆమె పరిగెత్తే వయసు కాగితాల్లోనే గడిచిపోతుంది. కొనే ముందు క్లబ్బులో ఉన్న రకాలన్నీ కాల్చి చూడమన్నాను. ఆదివారం నేనూ పెనుకొండకు వెళ్లాను.

క్లబ్బును చూసుకునేది రిటైరైన సుబేదారు ఒకాయన. ఆయన మూడు రకాలు తీసిపెట్టాడు. ఒకటి నిండా ఉక్కుతో చేసినది. బరువెక్కువ కాబట్టి రికాయిల్, అంటే పేలగానే చేతిని వెనక్కి తన్నే తన్ను, తక్కువగా తెలుస్తుంది. రెండోది ప్లాస్టిక్ ఒంటిది, తేలిక. మూడోది మన దేశంలో దొరికే చిన్న రకం. గిరిజ కళ్లు ఉక్కుదాన్నే పట్టుకున్నాయి. ఫోనులో వీడియోలు చూసి చూసి దానిమీద మనసు పడిందట. చేతిలోకి తీసుకున్నప్పుడు ఆమె ముఖం చూశాను. పెళ్లిచూపుల్లో కూడా అంత సిగ్గుపడి ఉండదు.

కాల్చింది. తూటాలన్నీ గురికి కిందికీ ఎడమకూ పోయాయి. మళ్లీ కాల్చింది, మళ్లీ అక్కడికే. నా అనుభవమంతా ఉపయోగించి ట్రిగ్గర్ రీచ్ ఎక్కువైంది అన్నాను. పిడి వెనకనుంచి ట్రిగ్గర్ దాకా ఉండే దూరమది. వేలు అందీ అందనట్టుంటే పిస్టల్ పక్కకు తిరుగుతుంది. రెండోదానికి రీచ్ తక్కువ. దాంతోనూ తూటాలు కిందికీ ఎడమకే. మూడోది ఆమె చేతికి అచ్చుగుద్దినట్టు సరిపోయింది, అయినా అంతే. సుబేదారు ఒంటిచేత్తో కాల్చమన్నాడు. నడి చుక్కలో గుంపుగా పడ్డాయి తూటాలు. రెండో చెయ్యి వేయగానే మళ్లీ కిందికి. వరసగా కొన్ని ఆదివారాలు ఇదే తంతు. పట్టు మార్చాం, నిలబడే తీరు మార్చాం. నా దగ్గరున్న పిడి తొడుగులన్నీ మోసుకెళ్లాను. ప్రతిసారీ ఆమె సాయంత్రం రైలుకు ఖాళీ ఒర నడుముకు అలాగే కట్టుకుని వెళ్లిపోయేది, పైట కొంగు దానిమీద కప్పుకుని. చూడలేకపోయేవాణ్ణి.

ఆ ఏడే మా పెద్దమ్మాయి పెళ్లి కుదిరింది. పట్టుచీరలకు ధర్మవరం పోయి, చీరలు కొన్నాక గిరిజ ఇంటికి వెళ్లాం. ఆమె మగ్గం మీద ఉంది. పువ్వు సగంలో ఆపకూడదు, రెండు వరసలు వేసి లేస్తాను కూర్చోండి అంది. కూర్చుని చూస్తున్నాను. కుడిచేత్తో పైనుంచి వేలాడే తాడు లాగుతుంది. అడ్డపోగు మోసే నాడె నిలువు పోగుల మధ్యలోంచి ఇటునుంచి అటు దూకుతుంది. కుడిచెయ్యి లాగిందో లేదో, ఎడమచెయ్యి దువ్వెనలాంటి పన్నెను తనవైపు గుంజి పోగును బిగిస్తుంది. లాగడం, గుంజడం. లాగడం, గుంజడం. చిన్నప్పటినుంచి ఆమె రెండు చేతులూ చేస్తున్న పని అది. కుడిచెయ్యి ఏదైనా లాగితే ఎడమచెయ్యి ఊరుకోదు, దాన్ని ఎవరూ అడగక్కర్లేదు. ట్రిగ్గర్ లాగినా అంతే మరి! అక్కడే చెప్పాను, దోషం ఏ పిస్టల్‌దీ కాదని. ఆమె కాసేపు తన ఎడమచేతిని అటూ ఇటూ తిప్పి చూసుకుంది.

జబ్బు తెలిసింది కదా, మందు సులువే అనుకున్నాం. సుబేదారు చెక్కతో పిస్టల్ ఆకారం చెక్కించి ఇచ్చాడు. రోజూ దాన్ని రెండు చేతులతో పట్టుకుని, కుడివేలు కదిలినా ఎడమచెయ్యి కదలకుండా సాధన చెయ్యమన్నాడు. గిరిజ పట్టుదల మనిషి. దసరా నాటికి తూటాలు నడి చుక్క వైపు రావడం మొదలైంది. ఉక్కు పిస్టల్‌నే బయటినుంచి తెప్పించుకునే అనుమతికి దరఖాస్తు పెడదామని నేను కాగితాలు సిద్ధం చేస్తున్నాను. ఆ వారంలోనే కొట్టుకు వచ్చి దరఖాస్తు ఆపమంది. ఎందుకని అడిగాను. మంచినీళ్లు తాగి చెప్పింది.

"చెయ్యి నిలబడేది నేర్చుకునింది సార్. మగ్గం మీద గూడా నిలబడతాండాది."

పెళ్లిచీర ఒకదానికి నేత పలచబడి, అడ్డంగా చారలు పడ్డాయట. చీర తిరిగొచ్చింది. ఆమె మొగుడు రామాంజనేయులు మంచివాడు, పల్లెత్తు మాట అనలేదట. రాత్రి ఒక్కడే కూర్చుని ఆ చారలు చూసుకుంటూ ఉండిపోయాడట. అనకపోవడమే ఆమెకు కష్టంగా ఉంది. అన్నం పెట్టే అలవాటును పిస్టల్ కోసం చెరుపుకోవడం కుదరదు. చెరుపుకోకపోతే ఆ ఆట లేదు. ఒంటిచేతి ఆటలోనే ఉండమ్మా, అందులో నీకు పేరుంది అన్నాను. తలూపి వెళ్లిపోయింది. ఆ తర్వాత చాలా నెలలు పెనుకొండకు కూడా రాలేదు. చెక్క పిస్టల్‌ను ఎవరిచేతో సుబేదారుకు పంపించేసింది.

మరుసటి ఏడు ఉగాది దాటాక ఒకరోజు కొట్టు తెరిచేసరికే అరుగు మీద కూర్చుని ఉంది. మొదటి రైలుకే వచ్చిందట. బీరువాలోంచి ఏదైనా ఖాళీ పిస్టల్ తీయమంది. తీసి, మ్యాగజైన్ ఊడదీసి, లోపల తూటా లేదని ఇద్దరం చూసుకుని ఇచ్చాను. ఆమె దాన్ని ఎడమచేత్తో పట్టుకుంది.

"మగ్గం మీద గమనించినా సార్. కుడిచెయ్యి లాగితే ఎడంచెయ్యి గుంజుతాది. ఎడంచెయ్యి గుంజినప్పుడు కుడిచెయ్యి ఏమీ చెయ్యదు. ఊరకే కాచుకోనుంటాది. మరి ఎడంచేత్తో కాలిస్తే ఎట్లుంటాది?"

తలకొట్టుకున్నాను. అదే రోజు సుబేదారుకు చెప్పాం, ఆదివారం కాల్చి చూశాం. మొదట్లో తూటాలు చెల్లాచెదరుగా పడ్డాయి, ఎడమచేతికి ట్రిగ్గర్ కొత్త కదా. కానీ కిందికి లాగడం లేదు. కుడిచెయ్యి గమ్మున ఆనుకుని ఉంది. కుడిచేతి పతకాలన్నీ పక్కనపెట్టి నలభై ఏళ్లకు ఓనమాలు మొదలుపెట్టాలి, అంతే.

అప్పుడు పిస్టల్ ఎంపిక మళ్లీ మొదటికొచ్చింది. తుపాకులు చేసేవాళ్లు లోకమంతా కుడిచేతివాళ్లే అనుకుంటారు. సేఫ్టీ మీట, అంటే పిస్టల్ పేలకుండా ఆపే మీట, మ్యాగజైన్ వదిలే బొత్తాం కుడిచేతి బొటనవేలికి అందేలా ఒక్క పక్కనే పెడతారు. నిలబడి కాల్చే ఆటలో తంటాలు పడి సర్దుకోవచ్చు. పరిగెత్తే ఆటలో కుదరదు. బొత్తాం కోసం పట్టు మారిస్తే గొట్టం మూతి ఎటు తిరుగుతుందో తెలియదు, మూతి తప్పు వైపు తిరిగితే ఆటలోంచి పంపేస్తారు. ఆమె మనసుపడ్డ ఉక్కు పిస్టల్‌కు అన్నీ ఒక్క పక్కే. ప్లాస్టిక్ ఒంటిదానికి మీటలు, బొత్తాలు రెండు పక్కలా ఉన్నాయి, ట్రిగ్గర్ రీచ్ కూడా సరిపోయింది. గిరిజకు నేను చెప్పనక్కర్లేకపోయింది. ఉక్కుదాన్ని ఒకసారి తీసుకుని, ఎడమ బొటనవేలితో మీట కోసం తడిమి, సుబేదారు చేతికిచ్చేసింది. దాని వైపు మళ్లీ చూడలేదు. చూడకూడదని ఎంత కష్టపడిందో పక్కనున్న నాకు తెలుసు.

రెండు పక్కలా మీటలున్న రకానికే దరఖాస్తు పెట్టాం. అది ఇప్పటికీ ఒక ఆఫీసునుంచి ఇంకో ఆఫీసుకు తిరుగుతూనే ఉంది. నేను జిల్లా ఆఫీసుకు పోయినప్పుడల్లా అడుగుతాను, పైకి పంపాం అంటారు. ఈలోగా ఆమె క్లబ్బు పిస్టల్‌తోనే ఆదివారాలు సాధన చేస్తోంది. క్లబ్బు పిస్టల్ క్లబ్బులోనే ఉండాలి, పోటీలకు బయటి ఊళ్లకు పోదు. అందుకని పెనుకొండ గుట్టలు దాటి ఆమె ఎక్కడా ఆడలేదు.

ఈ గిరిజ కేసు తర్వాత నా పద్ధతి మారింది. ఎవరైనా పిస్టల్ కావాలని వస్తే ఇంతకుముందు చేతి కొలత చూసేవాణ్ణి. ఇప్పుడు ఆ చెయ్యి ఏం పని చేసి బతుకుతోందో అడుగుతాను. గొర్రెలు కాసే చెయ్యా, బస్సు తోలే చెయ్యా, కూర్చుని రాసే చెయ్యా అని. నవ్వుతారు, నవ్వనీ. అడిగాకే బీరువా తెరుస్తాను. ఆ బీరువాలో అంతమంది తుపాకులున్నాయి, ఒక్కదాని కోసం అంతగా ఎదురుచూసే మనిషికి ఇవ్వడానికి మాత్రం నా దగ్గర ఏమీ లేదు. ఆ లోటు నాకు మనసులో అలాగే ఉంది.

పోయిన నెల క్లబ్బులోనే చిన్న పోటీ పెట్టారు. గిరిజ చీర కుచ్చిళ్లు ఎగదోపుకుని పరిగెత్తింది. చివరినుంచి రెండోది. ఇనుప పలకలన్నీ పడ్డాయి గానీ వేగం చాలలేదు. పిస్టల్ ఖాళీ చేసి సుబేదారుకు అప్పజెప్పి, రొప్పుతూ వచ్చి నా పక్కన కూర్చుంది. ఫైలు సంగతి అడుగుతుందేమో, ఏం చెప్పాలా అని చూస్తున్నాను. అడగలేదు. ఎడమ అరచేతిని కుడిచేత్తో నిమురుకుంటూ అంది.

"అది వచ్చేలోపల ఈ చెయ్యి ముసల్ది కాకుంటే సాలు సార్."