కుడి చెయ్యి ఎందుకు నొస్తలేదు?

2024 ఫిబ్రవరి నెలాఖరు. మేడారం జాతర ముగిసి నాలుగైదు రోజులైంది. రెండేళ్లకోసారి జాతర అయిపోగానే హనుమకొండలోని మా చిన్న ఫిజియోథెరపీ క్లినిక్ నిండిపోతుంది. నడిచి నడిచి మోకాళ్లు పట్టేసినవాళ్లు, బండి నడిపి నడుం పట్టేసినవాళ్లు, పిల్లల్ని భుజాల మీద మోసి మెడ తిరగనివాళ్లు అందరూ ఒకేసారి వస్తారు. అమ్మవార్లు కోరికలు తీర్చి నడుం నొప్పులు నాకు వదిలేస్తారని మా ఇంట్లో నవ్వుతుంటాను. పంతొమ్మిదేళ్లుగా ఇదే పని నాది.

ఆ గుంపులోనే చీర మీద ఖాకీ చొక్కా తొడుక్కున్న ఒక బస్సు కండక్టర్ వచ్చింది. పేరు స్వరూప, వయసు ముప్పై రెండు. హనుమకొండకూ పరకాలకూ మధ్య తిరిగే బస్సులో డ్యూటీ. వెంట అత్తగారు కొమురమ్మ, ఆమె చంకలో ఏడాదిన్నర మనవరాలు. పెద్దపిల్ల మూడో తరగతి, బడికి పోయిందట.

“ఎడమ చెయ్యి బొటనవేలు మొదట్ల నొస్తాంది మేడం,” అంది స్వరూప. “జాతర స్పెషల్ బస్సుల డ్యూటీ పడ్డది. గప్పటి సంది నీళ్ల గ్లాసు లేపుదామన్నా చాతనైతలేదు.”

బొటనవేలిని పిడికిట్లో దాచి, మణికట్టును చిటికెనవేలి వైపు వంచమన్నాను. దీన్ని ఫింకెల్‌స్టీన్ టెస్ట్ అంటాం. వంచీ వంచకముందే “అమ్మా!” అని కుర్చీలోంచి లేచింది. ఇక అనుమానం లేదు, ఇది డి క్వెర్వేన్స్. బొటనవేలిని కదిలించే టెండన్లు, అంటే కండరాన్ని ఎముకకు కట్టి ఉంచే తాళ్లు, మణికట్టు దగ్గర ఒక సన్నని గొట్టంలోంచి పోతాయి. ఆ గొట్టం మందమైతే వేలు కదిలినప్పుడల్లా తాళ్లు ఒరుసుకుంటాయి. చంటిపిల్లల తల్లులకు ఎక్కువగా వస్తుంది గనక కాలేజీలో దీన్ని మదర్స్ థంబ్ అని కూడా చదువుకున్నాం.

మా కేస్ షీట్‌లో వయసు, ఉద్యోగం, పాత జబ్బులు రాశాక హాబీస్ అని ఒక గడి ఉంటుంది. చెయ్యి అలవాటు కొద్దీ అందులో నిల్ అని రాసేసింది. నేను అడగలేదు. అప్పుడు కొమురమ్మ అందుకుంది.

“అసలు ముచ్చట చెప్తలేదు సూడు బిడ్డా. కోలాటం ఆడుతది! డ్యూటీ దిగి, వంట చేసి, పిల్లలను నా మీదేసి, కట్టెలు పట్టుకొని కమ్యూనిటీ హాలుకు ఉరుకుతది. గా కట్టెలు కొట్టి కొట్టే చెయ్యి వాసింది.”

“వారంల మూడు రోజులే మేడం,” అంది స్వరూప మెల్లగా. “శ్రీరామనవమికి మా కాలనీ గుడి కాడ ఆడాలె. ఇరవై నలుగురం. విజిల్ నాదే.”

కోలాటంలో అడుగు మార్చే విజిల్ ఎవరి మెడలో ఉంటే జట్టును నడిపేది వాళ్లే. బస్సులోనూ విజిలే, ఆటలోనూ విజిలే. అది అప్పుడు నాకు తట్టలేదు. పెన్ను పట్టుకుని జడ్జిగారిలా తీర్పు చెప్పాను. నిల్ కొట్టేసి కోలాటం అని రాసి, పక్కనే స్టాప్ అని రాసి కింద గీత కూడా గీశాను. ఉద్యోగం మానడం కుదరదు, పిల్లను ఎత్తుకోక తప్పదు, ఇక మానగలిగింది అదొక్కటే కదా. అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టు ఆమె సంతోషాన్ని నేను వదిలించేశాను. “మంచిగ చెప్పినవు బిడ్డా” అని కొమురమ్మ మెచ్చుకుంటే లోపల కాస్త పొంగాను కూడా. స్వరూప, బొటనవేలు కదలకుండా పట్టి ఉంచే స్ప్లింట్ తొడిగించుకుని వెళ్లిపోయింది.

రెండు వారాలు చెప్పింది చెప్పినట్టే చేసింది. రోజు విడిచి రోజు వచ్చి నొప్పి తగ్గించే అల్ట్రాసౌండ్ పెట్టించుకుంది, ఇంట్లో ఐసు పెట్టుకుంది, డ్యూటీలో మాత్రం స్ప్లింట్‌తో పని సాగక తీసేసేది. కట్టెలు అటక మీద పెట్టి, విజిల్‌ను జట్టులోని రజిత అనే ఆమెకు ఇచ్చేసింది. నొప్పి మాత్రం తగ్గలేదు. నాకు చిరాకొచ్చింది. నయం కాకపోతే నా చిరాకు ముందు పేషెంట్ మీదికే పోతుంది, నాకున్న దుర్గుణాల్లో అదొకటి.

“నిజం చెప్పు స్వరూపా, చాటుగా ఆడుతున్నావా?” అన్నాను.

“లేదు మేడం, పిల్లల మీద ఒట్టు.” రెండు చేతులూ టేబుల్ మీద పక్కపక్కన పెట్టి చూసుకుంది. “ఒక్కటడుగుత, కోపం చెయ్యద్దు. కోలాటంల రెండు చేతులల్ల రెండు కట్టెలుంటయి. ఎడమ చెయ్యి ఎంత ఆడుతదో కుడి చెయ్యి గంతే ఆడుతది. వాపు కోలాటంతోనే వచ్చిందంటే, మరి కుడి చెయ్యి ఎందుకు నొస్తలేదు?”

మా కోర్సులో మొదటి ఏడాది పిల్లలు అడగాల్సిన ప్రశ్న అది. రెండు వైపులా ఒకే పని జరుగుతూ ఒకవైపే నొప్పి ఉంటే కారణం వేరేచోట వెతకాలని నేనే మా దగ్గరికి వచ్చే ట్రైనీలకు పాఠం చెప్తాను. ఈమె విషయంలో ఆ పాఠం ఎందుకు గుర్తు రాలేదో ఆలోచిస్తే సిగ్గేసింది. నేనూ ఇద్దరు పిల్లల తల్లినే. పెళ్లికి ముందు షటిల్ ఆడేదాన్ని, కాలేజీ టీంలో ఉండేదాన్ని. పెద్దది పుట్టాక రాకెట్ ఏ సంచిలోకి పోయిందో తెలియదు. మానెయ్యమని మా ఆయన అనలేదు, మా అత్తగారూ అనలేదు. రోజు ఇరుకైనప్పుడు మొదట పోవాల్సింది మన సరదానే అని నాకు నేనే తేల్చుకున్నాను. అదే మందు ఈమెకూ రాసిచ్చాను.

“నవమికి ఇంకా నెల ఉంది కదా?” అన్నాను.

“నెలుంది గని, జోడీలు పది రోజుల ముందే ఖాయం చేస్తరు మేడం. గప్పటికి చెయ్యి రాకుంటే నా జాగల వేరేటోళ్లు నిలబడుతరు.”

“అంత ఇష్టమా అది?”

ఆమె నా వంక కొంచెం జాలిగా చూసింది. “బస్సుల అందరు కూసుంటరు, నేను నిలబడుత. ఇంట్ల అందరు తింటరు, నేను వడ్డిస్త. కోలాటంల ఇరవై నలుగురం ఒక్కతీరుగ అడుగేస్తం మేడం. నేను విజిల్ ఊదితే అందరు తిరుగుతరు. మల్లా తెల్లారి డ్యూటీకి పోతె ఎంత రద్దీ ఉన్నా నాకు కోపం రాదు.”

ఆ ఆదివారం క్లినిక్‌కు సెలవు. పొద్దున్నే బస్టాండ్‌కు వెళ్లి ఆమె బస్సు ఎక్కాను. జబ్బు ఎక్కడ పుడుతోందో క్లినిక్ కుర్చీలో కూర్చుంటే తెలియదని ఆలస్యంగా బుద్ధొచ్చింది. నన్ను చూసి నవ్వుతుందనుకున్నాను. టికెట్ మిషన్ చేత్తో పట్టుకుని నా ముందుకొచ్చి, “ఆధార్ కార్డు చూపియ్యుండ్రి,” అంది.

“నాకు కూడానా?”

“డ్రైవర్ పెండ్లమైనా చూపియ్యాలె మేడం.”

చూపించి జీరో టికెట్ తీసుకున్నాను. ఆడవాళ్లకు ఉచిత ప్రయాణం వచ్చాక డబ్బు తీసుకోకపోయినా ప్రతి మనిషికీ టికెట్ మాత్రం కొట్టాల్సిందే. బస్సు ఊరు దాటక ముందే నిలబడటానికి చోటు లేకుండా నిండింది. ఆమె కుడి మోచేతిని సీటు రాడ్‌కు ఆనించి నిలదొక్కుకుని, మిషన్‌ను ఎడమ చేతిలో పట్టుకుని, ఆ చేతి బొటనవేలితోనే మీటలు నొక్కుతోంది. మిషన్ బరువుకు మణికట్టు చిటికెనవేలి వైపు వాలిపోతోంది. నేను క్లినిక్‌లో ఒక్కసారి చేయించి “అమ్మా” అనిపించిన పరీక్షను ఆమె పరకాల చేరేదాకా టికెట్ టికెట్‌కూ చేసుకుంటోంది. మధ్యలో కార్డు దొరక్క సంచంతా దులుపుతున్న ఒక ముసలమ్మకు “ఫికర్ చెయ్యకు అవ్వా, మెల్లగ తియ్యి” అని చెప్తూ, ఇంకొకరికి దిగే స్టేజీ గుర్తు చేస్తూ, ఆ నొప్పితోనే నవ్వుతూ తిరిగింది. ఆ పనితనం చూస్తే నాకు ముచ్చటేసింది.

తిరుగు ట్రిప్పు అయ్యాక వాళ్లింటికి కూడా వెళ్లాను. మేం లోపలికి అడుగుపెట్టగానే చిన్నది ఉరికొచ్చి చేతులు చాచింది. స్వరూప వంగి, రెండు బొటనవేళ్లూ పిల్ల చంకల కింద పెట్టి లేపి, ఎడమ చంకలో వేసుకుంది. బరువంతా ఆ చేతి మీదే. దొంగ దొరికాడు. ఒకడు కాదు, ఇద్దరు. కోలాటం మాత్రం పాపం నిర్దోషి.

ఆ రోజే కొత్త పద్ధతి మొదలుపెట్టాం. మిషన్‌కు వేలాడే పట్టీ పొడవు తగ్గించి బరువు భుజం మీద పడేట్టు చేశాను. ఎడమ అరచెయ్యి మిషన్ కింద ఆనాలి, మణికట్టు నిటారుగా ఉండాలి, మీటలు కుడి చూపుడువేలితో నొక్కాలి. పిల్లను చంకల కింద పట్టి లేపకూడదు, ఒక చెయ్యి పిరుదుల కింద, ఒక చెయ్యి వీపు వెనక పెట్టి ఒంటికి ఆనించుకుని లేవాలి. చెప్పడం తేలికే. ఎన్నో ఏళ్ల చేతి అలవాటు మార్చడం మాటలు కాదు. మొదటి వారం టికెట్లు నెమ్మదై ప్రయాణికులు సణిగారట. అందుకని సాయంత్రాలు ఇంట్లో టీవీ రిమోట్‌తో సాధన చేసింది. పెద్దపిల్ల ప్యాసింజర్. “పరకాల రెండు, ఒక చిన్నపిల్ల” అని ఆ పిల్ల గబగబా అడగడం, తల్లి కుడి వేలితో రిమోట్ నొక్కడం. ఆ పిల్ల రూటులోని స్టేజీలన్నీ ఎక్కాల్లా అప్పజెప్పేది.

వారం తిరిగేసరికి వాపు తీసింది. రెండో వారంలో గ్లాసు లేపింది. నేను కేస్ షీట్ తీసి, స్టాప్ అన్న మాటను నా చేత్తోనే కొట్టేశాను.

“రోజుకు పది నిమిషాలతో మొదలుపెట్టు. కానీ ఆ కట్టెలు మరీ సన్నం. సన్నటి కట్టెను గట్టిగా పట్టాలంటే బొటనవేలు ఒత్తాల్సి వస్తుంది. పట్టుకునే చోట లావు చేయాలి,” అన్నాను.

మూలన కూర్చుని అంతా వింటున్న కొమురమ్మ, “కొడవలి పిడికి గుడ్డ సుట్టినట్టా?” అంది.

అదే, సరిగ్గా అదే! వరికోతలకు పోయే రోజుల్లో చెయ్యి పట్టేయకుండా పిడికి పాత చీర పేలిక చుట్టుకునేదట. మా పుస్తకాల్లో దీనికి బిల్ట్-అప్ గ్రిప్ అని పెద్ద పేరుంది. ఆమెకు పుస్తకం అక్కర్లేకపోయింది. మర్నాడు కోడలి కట్టెలకు ఎర్రంచు పేలిక బిగించి చుట్టి, సూదీదారంతో కుట్టి తెచ్చి నా ముందు పెట్టింది. “ఆడద్దని నేనే అన్న, గని కోడలు కుడి చెయ్యి ముచ్చట అడిగిందని తెలిసినంక నాకూ సోయికొచ్చింది బిడ్డా,” అంది. అలాంటి మాట నేను అప్పటిదాకా స్వరూపతో పైకి అననే లేదు.

జోడీలు ఖాయం చేసిన సాయంత్రం స్వరూప ఫోన్ చేసింది. “విజిల్ మల్ల నా మెడకే వేసింది రజిత!” ఫోన్‌లోనే ఒకసారి ఊదింది. చెవి గింగురుమంది.

శ్రీరామనవమి సాయంత్రం మా చిన్నమ్మాయిని తీసుకుని వాళ్ల కాలనీకి వెళ్లాను. ఇరవై నలుగురూ పసుపు చీరలు కట్టారు. మొదటి పాటంతా నేను ఆట చూడలేదు, ఆమె ఎడమ బొటనవేలినే చూశాను. వేలు వదులుగా ఉంది. మణికట్టు హాయిగా తిరుగుతోంది. రెండో పాటకు వేలి సంగతి మర్చిపోయాను. విజిల్ మోగగానే లోపలి వలయం అటు, బయటి వలయం ఇటు తిరగడం, కట్టెలన్నీ ఒకే దెబ్బగా కలవడం, ఆ మధ్యలో పొద్దున డ్యూటీ చేసి వచ్చిన మనిషి అలుపన్నది లేకుండా నవ్వడం చూస్తుంటే నా కళ్లు తడిశాయి. గర్వమేసింది. నా పేషెంట్ అని గర్వం, నా పొరపాటును నాకే చూపించిందని ఇంకా గర్వం. పక్కన కొమురమ్మ మనవరాలిని ఎత్తుకుని, కనిపించిన వాళ్లకల్లా “గా విజిలామె నా కోడలు” అని చెప్తోంది. పిల్లను నేను నేర్పిన పద్ధతిలోనే ఎత్తుకుంది.

మర్నాడు క్లినిక్‌లో పాత ఫైళ్లు దింపి ఆ గడి ఒక్కటే చూసుకుంటూ పోయాను. మగవాళ్లకు క్రికెట్, వాకింగ్, క్యారమ్స్ అని ఉంది. తల్లులకు నిల్, నిల్, నిల్. అన్నీ నా చేతిరాతే. వాళ్లలో ఒక్కరినైనా అడిగినట్టు నాకు గుర్తు లేదు. ఇప్పుడు ఆ గడి నింపకుండా మందు మొదలుపెట్టను. “ఏం మానేస్తావు?” అని అడగడానికి ముందు “ఏది మానకూడదు?” అని అడుగుతాను. మొదట అందరూ “మాకేముంటది మేడం” అంటారు. నేను పెన్ను దించకుండా కూర్చుంటాను. కాసేపటికి ఒకామె పచ్చీసు ఆడతానంటుంది, ఒకామె టైలరింగ్ కాదు, ఊరికే గుడ్డ మీద పూలు కుట్టుకుంటానంటుంది. చెప్పేటప్పుడు వాళ్ల మొహాలు చూడాలి.

చివరి సిట్టింగ్ రోజు స్వరూప తన కేస్ షీట్‌ను నా చేతిలోంచి తీసుకుని చూసి, “మరి మీ గడిల ఏమున్నది మేడం?” అని అడిగింది. షటిల్ అన్నాను, ఎప్పుడో మానేశానని, ఇప్పుడు ఆడటానికి జోడీ కూడా లేదని అన్నాను. “మా కాడ ఒక జోడీల ఒకరు తక్కువైండ్రు, రాండ్రి,” అంది.

వెళ్లాను. ఇప్పుడు వారానికి రెండు సాయంత్రాలు పిల్లల్ని వాళ్ల నాన్నకు అప్పజెప్పి, కొమురమ్మ చుట్టిచ్చిన కట్టెలు పట్టుకుని బయటి వలయంలో అందరికంటే ఒక అడుగు వెనక తిరుగుతుంటాను. లోపలి వలయంలో విజిల్ ఆగుతుంది. అందరి ముందూ ఒక గొంతు గట్టిగా వినిపిస్తుంది.

“మేడం! బొటనవేలు ఒత్తకుండ్రి!”