మూటకు రెండు గుర్తులు

మా మామకు ఫ్రాన్సు, జర్మనీల సంగతులు తెలిసినంత బాగా పక్కింటి సంగతులు తెలియవు. పక్కిల్లు ఆయన సొంత అన్నది. పన్నెండేళ్లుగా ఆ ఇంటితో మాటల్లేవు కాబట్టి అక్కడేం జరుగుతోందో తెలుసుకునే దారి లేదు. ఫ్రాన్సు సంగతులకైతే రోజూ పొద్దున బస్సులో పేపరు వచ్చేది.

నేను నల్లమాడ దగ్గర పల్లెలో పుట్టి, శింగనమల దగ్గర పల్లెకు కోడలిగా వచ్చినదాన్ని. నా భర్త బస్సు కండక్టరు. వారానికి రెండు రోజులు నాకు, ఐదు రోజులు టికెట్లకు. అందువల్ల మామ పేపరు చదువుతూ ఉంటే వినడానికి ఇంట్లో మిగిలింది అత్తా నేనూ. అత్త వినేది కాదు. ఆమె పని ఆమె చేసుకుంటూ, సరిగ్గా అనాల్సిన చోట ఒక మాట అనేది.

అన్నదమ్ముల తగాదా ఎద్దుల దగ్గర మొదలైంది. పంపకాల నాడు ఇంట్లో ఒక జత ఎద్దులుంటే, పెద్దమనుషులు ధర్మంగా అన్నకొకటి, తమ్ముడికొకటి పంచారు. ఒక్క ఎద్దుతో సేద్యం జరగదని అన్నకు తెలుసు, తమ్ముడికి తెలుసు, ఎద్దులకూ తెలుసు. "ఆయప్ప వచ్చి అడిగితే నా ఎద్దు ఇస్తా" అని మా మామ. "చిన్నోడు, వాడే వచ్చి అడగల్ల" అని పెద్దమామ. ఇద్దరూ బాడుగ ఎద్దులతో దున్నించుకున్నారు, సొంత ఎద్దులు చెరొక పాకలో పడుకుని నెమరేశాయి. కొన్నేళ్లకు ఎద్దులు ముసలివై పోయాయి. తగాదా మాత్రం ముసలిది కాలేదు.

2002 జనవరిలో యూరప్‌లో పన్నెండు దేశాలు ఎవరి నోట్లు వాళ్లు పక్కన పెట్టి, అందరికీ కలిపి ఒకే నోటు తెచ్చుకున్నాయి. ఆ వార్తను మామ నాలుగుసార్లు చదివాడు. నాలుగోసారి కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు.

"యుద్ధాలు చేసుకున్నోళ్లమ్మా. ఒకరి ఊర్లు ఒకరు కాల్చుకున్నోళ్లు. ఈ పొద్దు ఒకే దుడ్లు వాడుకుంటాండారు" అన్నాడు నాతో.

"వాళ్లకు ఎద్దులు పంచే పెద్దమనుషులు దొరకలేదేమో" అంది అత్త, చేట తిప్పుతూ.

మామకు అన్నిటికంటే నచ్చింది ఆ నాణెం సంగతి. ఒక వైపు అన్ని దేశాలకూ ఒకే బొమ్మట, రెండో వైపు ఏ దేశం బొమ్మ ఆ దేశం వేసుకోవచ్చట. "కలిసిండల్ల, కానీ ఎవరి మొగం వాళ్లకుండల్ల. ఎంత తెలివి చూడు" అని మూడు రోజులు ఇంటికొచ్చిన వాళ్లందరికీ చెప్పాడు. పాలు పోయడానికి వచ్చినామె కూడా విని వెళ్లింది.

నెల తిరగక ముందే గుంతకల్లు వైపు నుంచి ఒక కంపెనీ మనిషి మోటార్‌సైకిల్ మీద వచ్చాడు. వేరుశనగ గింజలు కొని యూరప్‌కు పంపే కంపెనీ అది. చేత్తో ఒలిచిన నిండు గింజలు ఒక లారీకి సరిపడా ఇస్తే మిల్లు ధర కంటే బాగా ఇస్తామన్నాడు. కానీ అతని చేతిలో ఇంగ్లీషు కాగితం ఒకటుంది. ఊళ్లో బి.ఏ. చదివినదాన్ని నేనే కనుక ఆ కాగితం నా చేతికొచ్చింది. గింజలో తడి ఉంటే బూజు పడుతుంది, ఆ బూజులో విషం ఉంటుంది, అందుకని తడి గింజ పనికిరాదు. నాలుగు పేజీలు తిప్పితే తేలిన అసలు మాట ఇది.

"ముందు ఒక దేశం వద్దంటే ఇంకో దేశానికి పంపించేవాళ్లం. ఇప్పుడు కొత్త నోటు తీసుకోని మూడూ కలిపి పదిహేను దేశాలకూ ఒకటే రూలు. ఒకరు వద్దంటే అందరూ వద్దన్నట్టే" అన్నాడు కంపెనీ మనిషి, మజ్జిగ తాగుతూ.

ఆయన పోయాక మామ అరుగు మీద కూర్చుని నాతో అన్నాడు. "ఒక్కొక్క దేశం విడిగా చెప్పింటే ఈ మాట మనూరి దంకా వచ్చేదా? పదైదు దేశాలు కలిసి చెప్పినాయి, ఈడ నీ చేతిలో చెంబు పక్కన పెట్టల్ల. బలమంటే అదీ. మనం ఇరవై ఇండ్లోళ్లం, ఎవరికి వాళ్లం మిల్లు ముందర నిలబడి వాడు చెప్పిన రేటుకు తలకాయ ఊపి వస్తాండాం."

చెంబు సంగతి చెప్పాలి. మా వైపు కాయలు ఒలవాలంటే ముందు రోజు సాయంత్రం వాటి మీద నీళ్లు చిలకరించి, గోనెపట్ట కప్పి పెడతారు. తెల్లారేసరికి పొట్టు మెత్తబడి గింజ విరగకుండా నిండుగా వస్తుంది, వేళ్లు బతుకుతాయి. ఇది నల్లమాడలోనూ ఉంది, శింగనమలలోనూ ఉంది. ఆ ఏడాది చెరువు అడుగున నెర్రెలు. తాగే నీళ్లకు ట్యాంకరు కోసం బిందెలు వరసలో పెట్టుకుని, ఆ వరస కోసం కొట్లాడుకునే ఊరు మాది. అయినా కాయల మీదికి చెంబెడు నీళ్లు ఎక్కడి నుంచో వచ్చేవి.

మామ ఊరిని కూడగట్టాడు. ఇరవై ఇళ్లూ ఒప్పుకున్నాయి. ఆయన అధ్యక్షుడు, నేను కార్యదర్శిని. ఇక ఒక్కటే చిక్కు. గింజలు మట్టి తగలకుండా ఆరాలని కాగితంలో ఉంది. ఊళ్లో తాడిపత్రి బండలు పరిచిన కల్లం ఒక్కటే ఉంది, అది పెద్దమామది.

మామ రెండు రోజులు అన్నం సరిగా తినలేదు. మూడో రోజు నన్ను వెంటబెట్టుకుని బయలుదేరాడు. పదడుగుల దూరానికి ఉతికిన పంచె కట్టుకున్నాడు. గుమ్మం బయటే నిలబడ్డాడు. పెద్దమామ లోపల మంచం మీద కూర్చుని మమ్మల్ని చూసి, నన్ను మాత్రమే చూసినట్టు మాట్లాడాడు.

"ఏమ్మా కోడలా, మీ మామ ఏమో పని మీద వచ్చినట్టుండాడే?"

"కల్లం కావల్లని చెప్పమ్మా" అన్నాడు మామ నాతో.

"ఇస్తానని చెప్పు. నాక్కూడా కాయలుండాయి గదా. కానీ ఒక మాట. ఏ ఇంటి మూట మీద ఆ ఇంటి గుర్తు ఉండల్ల. తడి ఎవరిదో తెలియల్ల. ముందరుండి నడిపించేది మీ మామ గాబట్టి, మీ ఇంట్లో మాట తప్పినారంటే అప్పుడే నా కల్లంలోనించి కాయ లేపల్ల. మళ్ల నా గడప తొక్కద్దు. నేను చచ్చినా తొక్కద్దు."

మూడడుగుల దూరంలో ఉన్న తమ్ముడికి ఈ మాటలన్నీ నేను మళ్లీ చెప్పాల్సి వచ్చింది, అలా చెప్పకపోతే విననట్టే లెక్క. మామ ముఖం మాత్రం వెలిగిపోయింది. గుర్తుల షరతు ఆయనకు అవమానంగా తోచలేదు, నాణెంలా తోచింది. మూటకు ఒక వైపు ఊరి గుర్తు, రెండో వైపు ఇంటి గుర్తు. ఆ సాయంత్రమే నీలిమందు కలిపి కూర్చున్నాడు. ఊరి గుర్తు ఏం వేద్దామని అడిగితే, ఏమాత్రం ఆలోచించకుండా కాడి వేశాడు. రెండెద్దుల కాడి.

ఇరవై ఇళ్ల ఆడవాళ్లను కూర్చోబెట్టి నేను కాగితం చదివి చెప్పాను. "ఒక్క చుక్క కూడా పడకూడదు" అని గొంతు పెంచి చెప్పాను. పెద్దమామ భార్య, మా పెద్దత్త, అందరికంటే ముందు తల ఊపింది. వారం రోజులు ఒలిచాం. ఎండిన కాయ పొట్టు గోళ్లలో దిగేది. నా బొటనవేళ్లు రెండూ చిట్లాయి. చపాతీ పిండి కలిపితే ఉప్పు తగిలి కళ్లలో నీళ్లు తిరిగేవి. పైగా గింజ సగం సగంగా విరిగేది, విరిగిన గింజ కూడా కంపెనీకి పనికిరాదు.

ఆఖరి సాయంత్రం ఇంకా రెండు గంపల కాయలు మిగిలాయి. మామ బజారులో ఎవరికో జర్మనీ గురించి చెబుతున్నాడు. అత్త ట్యాంకరు దగ్గరికి పోయింది. నేను కాయల వైపు చూశాను, వేళ్ల వైపు చూసుకున్నాను. ఊరంతా పొడిగా ఒలుస్తుంటే ఒక ఇంట్లో ఒక చెంబు నీళ్లు యూరప్‌కు తెలుస్తాయా అనుకున్నాను. చదువుకున్నదాన్ని, కార్యదర్శిని, కాగితం చదివినదాన్ని. చిలకరించి గోనెపట్ట కప్పేశాను. మర్నాడు గింజ ఎంత నిండుగా వచ్చిందో చెప్పలేను. వాటిని మూటల్లో పైపైనే పోశాను, బాగుంటాయని.

మధ్యాహ్నానికి లారీ వచ్చింది. పెద్దమామ కల్లం మీద ఇరవై ఇళ్ల మూటలు వరసగా పెట్టారు, అన్నిటి మీదా నీలం కాడి. కంపెనీ మనిషి చిన్న డబ్బా లాంటి మిషను తీశాడు. పిడికెడు గింజలు అందులో పోస్తే ముల్లు కదులుతుంది, ఎర్ర గీత దాటితే తడి ఉన్నట్టు. అధ్యక్షుడి ఇల్లు కాబట్టి మొదట మా మూట విప్పారు.

ముల్లు ఎర్ర గీత దాటి, ఆ చివర దాకా పోయి ఆగింది.

పెద్దమామ నెమ్మదిగా లేచాడు. "చెప్పమ్మా కోడలా మీ మామకు. కాయ లేపమను."

నేను చెప్పలేదు. మామ ముఖంలోకి చూడలేకపోయాను కూడా. ఆయన కాడి గుర్తు మీద చెయ్యి పెట్టుకుని నిలబడి ఉన్నాడు. తగాదా పడ్డాక అన్న కల్లంలో కాలు పెట్టడం ఆయనకు అదే మొదలు, నా వల్ల అదే ఆఖరు కాబోతోంది. నాకు ఏడుపొచ్చింది.

"నేనే చల్లినా మామా. రెండు గంపలకు. ఒక్క చెంబు" అన్నాను.

అత్త నా వైపు తిరిగింది. "నువ్వు కూడా చల్లినావా? నేను ట్యాంకరు కాడి నుంచి వచ్చి పట్ట ఎత్తి చల్లినా గదే. పైన తడిగా ఉంటే బిందె కారిందేమో అనుకున్యా."

ముల్లు ఆ చివర దాకా ఎందుకు పోయిందో అప్పుడు అర్థమైంది.

పెద్దమామ గొంతు పెంచాడు. "చూసినారా అప్పా అందరూ? ఇంట్లో ఇద్దరాడోళ్లను ఒక మాట మీద ఉంచల్యాకపోయినోడు పదైదు దేశాల కత చెప్పినాడు. ఓ కంపెనీ అన్నా, నా మూట విప్పి చూపీ. మాటంటే ఎట్లుంటాదో చూసుకుంటారు."

కంపెనీ మనిషి ఆయన మూట విప్పి పిడికెడు పోశాడు. ముల్లు లేచి ఎర్ర గీత దాటింది. పెద్దమామ డబ్బా మీద ఒక దెబ్బ కొట్టాడు. ముల్లు అక్కడే ఉంది. ఆయన పెద్దత్త కోసం వెతికాడు. పెద్దత్త మాఘమాసపు ఆకాశంలో మబ్బు కోసం చూస్తోంది.

మూడో ఇల్లు, ఎర్ర గీత. నాలుగో ఇల్లు, అదే. పదో ఇంటి దగ్గరికి వచ్చేసరికి ఎవరూ ముల్లును చూడడం లేదు, ఒకరినొకరు చూసుకుంటున్నారు. ఇరవై ఇళ్లూ అయ్యాక కంపెనీ మనిషి మిషను సంచిలో పెట్టుకున్నాడు. ఒకరికొకరు చెప్పుకోకుండా, ఒకరికి తెలియకుండా ఒకరు ఇరవై ఇళ్లవాళ్లమూ ఒకే పని చేశాం. అంత ఐకమత్యం మా ఊళ్లో నేను ముందూ చూడలేదు, తర్వాతా చూడలేదు.

"ఇంత ఒకే తీరుగా ఉన్న సరుకు నేనెప్పుడూ కొలవలేదమ్మా" అన్నాడతను నాతో. వెటకారం కూడా చేయలేదు, పాపం అలిసిపోయి ఉన్నాడు. లారీ ఖాళీగా వెళ్లిపోయింది.

జనం తలలు వంచుకుని ఇళ్లకు పోయారు. మామ ఇంటికొచ్చి అరుగు మీద కూడా కూర్చోలేదు, లోపల గోడకు ఆనుకుని కూర్చున్నాడు. ఆ రోజు పేపరు మడత విప్పకుండా అలాగే ఉంది. నన్ను తిట్టి ఉంటే నా బాధ సగం తగ్గేది.

"గడప తొక్కద్దన్న్యాడు. సరే. ఇంగ ఇంతే" అన్నాడు, ఎవరితోనో తెలియకుండా.

పొద్దు వాలుతుండగా బయట దగ్గు వినిపించింది. పెద్దమామ మా గుమ్మం ముందు నిలబడి ఉన్నాడు. ఉతికిన పంచె కట్టుకున్నాడు. నేను లేచి నిలబడి, ఎవరి మాట ఎవరికి చేరవేయాలో తెలియక ఇద్దరినీ చూశాను. ఆయన నా వైపు చూడలేదు.

"రేయ్ చిన్నోడా" అన్నాడు లోపలికి.

మామ తల ఎత్తాడు.

"నా గడప నువ్వు తొక్కద్దన్న్యా. నీ గడప నేను తొక్కనని యాడా అనల్యా."

అలా అని లోపలికి వచ్చేశాడు. మంచం చివర కూర్చున్నాడు. మామ గోడ దగ్గర నుంచి లేచి వచ్చి ఇంకో చివర కూర్చున్నాడు. ఇద్దరూ ఎదురుగా ఉన్న గోడను చూస్తున్నారు.

"పొద్దున్నే రా. ఆ గింజలు మళ్ల ఆరబోయల్ల. బూజు పడితే మిల్లోడు గూడా తీసుకోడు" అన్నాడు పెద్దమామ.

"గడప?" అన్నాడు మామ.

"కల్లానికి గడప యాడుండాదిరా."

అత్త నన్ను మోచేత్తో పొడిచింది. నేను లోపలికి పరుగెత్తి చెంబుతో నీళ్లు తెచ్చి, పెద్దమామ ముందు తల వంచుకుని నిలబడ్డాను. ఆయన చెంబు అందుకుని నా చిట్లిన వేళ్లను చూశాడు. తర్వాత చెంబును చూసి, తమ్ముడి వైపు తిరిగాడు.

"ట్యాంకరు రాకపోయినా ఈ ఇంట్లో నీళ్లకు కొదవ లేదు గదరా. మిషనే చెప్పింది" అన్నాడు.

మామ ముందు నవ్వాడు. ఆ నవ్వుతూనే పంచె కొంగుతో కళ్లు తుడుచుకున్నాడు. పెద్దమామ గటగటా తాగి, చెంబు అడుగున మిగిలిన గుక్కెడు నీళ్లు తమ్ముడికిచ్చాడు.