విత్తనాల లోడు, రాయిలాంటి బ్రేకు: బుక్కరాయసముద్రం నుంచి కళ్యాణదుర్గం దాకా

మా చెల్లెలు సరళ పొద్దున్నే ఫోన్ చేసి ఒకే మాట చెప్పింది. "అక్కా, పదునైంది." అనంతపురం వాళ్లకు ఇంతకు మించి చెప్పాల్సిన పని లేదు. మిగతావాళ్ల కోసం వివరిస్తాను. వేరుశనగ విత్తాలంటే నేల లోపలి దాకా తడవాలి, ఆ తడినే పదును అంటాం. మా మెట్టలో అలాంటి వాన ఎప్పుడు పడుతుందో ఎవరూ చెప్పలేరు, పడ్డాక పడమటి గాలి ఆ తడిని ఎక్కువ రోజులు ఉండనివ్వదు. పోయిన రెండేళ్లూ సరళ చేను బీడుగానే ఉండిపోయింది. ఈసారి కళ్యాణదుర్గం అవతల ఉన్న ఆ చేనికి, విత్తనాలు వేసే గొర్రు కట్టిన ట్రాక్టరు మధ్యాహ్నం మూడింటికి వస్తుందని మాట తీసుకుంది. ఆ వేళ దాటితే ట్రాక్టరు ఇంకొకరి చేనికి పోతుంది, మళ్లీ తన వంతు వచ్చేసరికి నేల ఆరిపోతుంది. విత్తనాలేమో బుక్కరాయసముద్రంలో మా ఇంట్లో ఉన్నాయి. ఇక్కడి మిషన్లో కాయలు ఒలిపించి, రాత్రి అక్కడ వాన మొదలైందని తెలియగానే మందు కూడా కలిపేశాం. మందు కలిపిన విత్తనం మళ్లీ దాచుకునేది కాదు, తినేది అసలే కాదు.

పదునైన రోజు లోడు బండి దొరకడమంటే ముహూర్తాల రోజు పురోహితుడు దొరకడమే. నలుగురికి ఫోన్ చేస్తే నలుగురూ విత్తనాల మీదే ఉన్నారు. చివరికి మస్తాన్ దొరికాడు. మా వీధి చివర ఉంటాడు, నాకంటే నాలుగైదేళ్లు చిన్న, పాత డీజిల్ ట్రక్కు మీద తోటలకు డ్రిప్పు పైపులు తోలుతూ ఇల్లు నడుపుతున్నాడు. బండిని ఆర్నెల్ల కింద కర్ణాటక వైపు కొన్నాడు. దాన్ని చూస్తే నాకు పెద్దగా ధైర్యం కలగలేదు కానీ, బాడుగ రెండున్నర వేలకు ఒప్పుకున్నాడు, అన్నిటికంటే ముఖ్యంగా ఖాళీగా ఉన్నాడు.

బయల్దేరే ముందు నూనె చూద్దామని బానెట్ ఎత్తాడు. పాత బండ్ల మీద తిరగడం నాకు పిచ్చి, ఇదివరకు ఓ పెట్రోలు జీపుతో పదేళ్లు వేగాను, అందుకని నేనూ తొంగిచూశాను. మధ్యలో కొబ్బరికాయంత నల్లటి గుండు ఒకటి, పక్కన పుట్టగొడుగు ఆకారంలో చిన్న డబ్బా, వాటి నుంచి అటూ ఇటూ పాకిన గొట్టాలు. ఏమిటివి అని అడిగాను.

"బండితో వచ్చినాయక్కా. యాడ నుంచి యాడికి పోతాండాయో నాకూ తెల్దు. నడుస్తాండాది కదా అని ముట్టలే," అన్నాడు. నాకూ తెలియదు కాబట్టి నేనూ తెలిసినట్టు తల ఊపి ఎక్కి కూర్చున్నాను.

తొమ్మిదిన్నరకు బయల్దేరాం. బస్సులో వెళ్లాలనుకునే వాళ్లు అనంతపురం బస్టాండులో కళ్యాణదుర్గం బస్సు ఎక్కితే చాలు, గంటన్నర నుంచి రెండు గంటలు పడుతుంది. మేం లోడుతో నిదానంగా పోవాలి కనుక ముందు కడుపు చూసుకున్నాం. ఊరు దాటేలోపు ఒక బండి దగ్గర బొరుగులతో చేసిన ఉగ్గాని, మిరపకాయ బజ్జి తిన్నాం, టీతో కలిపి ఇద్దరికీ వంద లోపే అయింది. ఆత్మకూరు దాటేదాకా ఏ గొడవా లేదు. వాన కడిగిన ఎర్ర నేలలు, వాటి మీద ఎక్కడ చూసినా గొర్రులు. నాకు చాలా సంతోషంగా ఉంది, దారి పొడుగునా ఏదో ఒకటి మాట్లాడుతూనే ఉన్నాను.

ఆత్మకూరు దాటాక ఓ వాలులో గొర్రెల మంద రోడ్డెక్కింది. మస్తాన్ బ్రేకు తొక్కాడు. బండి కొంచెం తగ్గింది, రెండోసారి తొక్కితే పెడలు కదల్లేదు. సీటులోంచి లేచి, స్టీరింగు పట్టుకుని, దాని మీద నిలబడ్డట్టు తొక్కి, హ్యాండు బ్రేకు కూడా లాగాడు. చివరి గొర్రెకు ఓ మూరెడు దూరంలో బండి ఆగింది. గొర్రెలాయన మమ్మల్ని తగులుకున్నాడు.

"ఏమప్పా, గొర్ల మీదకే తోలుకోని వస్తాండావు! కండ్లు యాడ పెట్టుకుండావు?"

"బ్రేకు పట్టలేదన్నా," అన్నాడు మస్తాన్.

"పట్టకపోతే ఇంట్లో పెట్టుకో. నేను ఈ పక్క ఉండా కాబట్టి సరిపోయింది. మీ బండి పక్క ఉండింటే?"

నడిచినంత వేగంతో బండిని దగ్గర్లోని ఓ రేకుల హోటలు దాకా తెచ్చి వేపచెట్టు కింద ఆపాం. అప్పుడు పదకొండున్నర దాటింది, ఇంకా పాతిక కిలోమీటర్లుంది. మస్తాన్ తనకు తెలిసిన మెకానిక్కుకు ఫోన్ చేశాడు.

"నేను సేన్లో ఉండానప్పా, గొర్రు పట్టుకోనుండా," అన్నాడాయన. "బూస్టర్ పోయింటాది. రేపు రా, మార్చేద్దాం." రేపు అనే మాట వినగానే నాకు సరళ చేను కళ్ల ముందు కనబడింది.

ఇక మాకు మేమే దిక్కు. బూస్టర్ అంటే బ్రేకు పెడలు ముందుండే పెద్ద డబ్బా. దానిలోంచి గాలిని లాగేస్తుంటే, ఆ లాగుడు బలంతో మన కాలి బరువు పదింతలైనట్టు బ్రేకు పడుతుంది. లాగుడు అందకపోతే బ్రేకు ఉంటుంది కానీ రాయిని తొక్కినట్టుంటుంది. ఇంజన్ ఆపి, పెడలును నాలుగైదు సార్లు తొక్కి, గట్టిపడ్డాక కాలు దాని మీదే ఉంచి స్టార్ట్ చేయించాను. పెడలు కొంచెం కిందికి దిగాలి. దిగలేదు.

పెట్రోలు జీపు అలవాటు కొద్దీ, ఇంజన్ గాలి పీల్చే గొట్టం దగ్గరే లాగుడు ఉంటుందని అక్కడ వెతకడం మొదలుపెట్టాను. మస్తాన్ నవ్వాడు. "డీజిల్ బండికి ఆడ లాగుడుండదక్కా. డైనమో ఎనకాల పంపుంటాది, అదే లాగేది." పంపు దగ్గరి గొట్టం పీకి బొటనవేలు అడ్డం పెట్టాను. వేలిని గట్టిగా పట్టేసింది. పంపు బాగుంది. గొట్టం మళ్లీ తగిలించి, బూస్టర్ వైపు కొస పీకి వేలు పెట్టాను. కాసేపు లాగి, నీరసంగా వదిలేసింది. అంటే తప్పు ఈ రెండింటి మధ్యలోనే ఉంది. ఆ మధ్యలోనే మనకు పరిచయం లేని గుండూ పుట్టగొడుగూ ఉన్నాయి. నా అనుమానం పుట్టగొడుగు మీద. దాని సన్నగొట్టం పీకి, ఆ గొట్టం కొసలో ఓ బోల్టు బిగించి చూశాం. తేడా ఏమీ రాలేదు, అంటే లాగుడు పోయేది దానిలోంచి కాదు, గొట్టం మళ్లీ తగిలించేశాం.

హోటలు నడిపే రమణమ్మ అప్పటికి రెండుసార్లు పిలిచింది. "ముందు తినండమ్మా. ఎండిన కడుపుతో ఇంజన్ జూస్తే ఏం కనపడ్తాది?" వేడి సంకటి, వేరుశనగ గింజలతో నూరిన ఊరుబిండి పచ్చడి పెట్టింది. డెబ్బై రూపాయలకు అంత రుచైన ఊరుబిండి నేను ఈ మధ్య తినలేదు, కానీ ఆ పూట సగం రుచి వాచీ మింగేసింది. ఒంటిగంట అవుతుండగా వచ్చి స్టార్ట్ చేశాం. పెడలు చక్కగా దిగింది! ఇంకోసారి చూశాం, మళ్లీ దిగింది. బ్రేకు వెన్నలా పడుతోంది.

"పద పోదాం!" అన్నాను, తలుపు తీసుకుని ఎక్కేస్తూ.

మస్తాన్ కదల్లేదు. "మనం ఏం చేస్తే బాగయింది, చెప్పక్కా?"

"ఏం చేస్తే ఏం? బాగయింది కదా."

"మనం ఏమీ చేయలే. దాని పాటికి అది బాగయింటే, దాని పాటికి అదే పోతాది. నేను తోలను."

నాకు చిర్రెత్తుకొచ్చింది. మూడో ఏడు కూడా మా చెల్లెలి చేను బీడు పడితే నీదేం పోతుంది, బాడుగ తీసుకుని ఇంటికి పోతావు అని నోటికొచ్చినట్టు అన్నాను. మస్తాన్ అంతా విని, "ఆ గొర్లాయన ఇంగా ఈ దోవలోనే ఉండాడక్కా," అన్నాడు. అంతే, నేను బండి దిగాను.

ఇంజన్ను ఆపకుండా, బానెట్ ఎత్తి పెట్టి, ఇద్దరం ఊరికే చూస్తూ నిలబడ్డాం. మీలో ఎవరికైనా ఇలాంటి పరిస్థితి వస్తే ఈ పనే చేయండి, మేం ముందే చేసుంటే గంట మిగిలేది. ఇంజన్ వేడెక్కే కొద్దీ, గుండు నుంచి బూస్టర్‌కు పొగగొట్టం పక్కగా పోతున్న ఓ నల్లటి పైపు కొంచెం కొంచెంగా నొక్కుకుపోవడం మొదలైంది. చివరికి మునక్కాయను నమిలి పారేసినట్టు చదునైపోయింది. మస్తాన్ ఇంజన్ ఆపి, గుడ్డతో దాని మీద మడ్డి తుడిచాడు. సన్నటి గీత, అరిగిపోయిన అక్షరాలు, ఓచోట కన్నానికి బిగించిన చిన్న బిరడా కనబడ్డాయి. వాటిని చూసి తల కొట్టుకున్నాడు.

"డ్రిప్పు పైపక్కా! నేను దినామూ మోసే పైపే!"

పాత యజమాని కర్ణాటక వైపు వాడైనా మనలాంటి మెట్ట సేద్యగాడే అయ్యుండాలి. ఈ ప్రాంతంలో ఏది కారినా, ఏది తెగినా చేతికి మొదట దొరికేది డ్రిప్పు పైపే. మా ఇంట్లో వాషింగ్ మిషన్ నీళ్లు బయటికి పోయేది కూడా దానిలోంచే, అందుకే ఆయన్ను తిట్టబుద్ధి కాలేదు. నీళ్లు లోపలి నుంచి తోస్తే ఆ పైపు నిలబడుతుంది, వేడిలో లోపలి నుంచి లాగితే నిలబడదు. చల్లారాక మళ్లీ ఉబ్బి ఏమీ ఎరగనట్టు కూర్చుంటుంది.

సరైన గొట్టం కళ్యాణదుర్గంలో కానీ దొరకదు. అప్పుడు గుండు గుర్తొచ్చింది. దానికొచ్చే గొట్టం మాత్రం దళసరి రబ్బరుది, బండితో పుట్టినది. గొట్టాల వెంట చూసుకుంటూ పోతే గుండు సంగతీ తెలిసింది, అందులో వేరే మాయేమీ లేదు, ఇంజన్ ఆగిపోయినా రెండు మూడు బ్రేకులకు సరిపడా లాగుడు దాచిపెట్టే తొట్టి, అంతే. దాన్ని తాత్కాలికంగా పక్కన పెట్టి, దాని గొట్టాన్ని పంపు నుంచి బూస్టర్‌కు నేరుగా వేద్దామన్నాను. మధ్యలో గాలిని ఒకవైపే పోనిచ్చే చిన్న బిళ్ల ఉంటుంది, అది తిరగబడకూడదు. పంపు వైపు నుంచి నోటితో ఊదితే గాలి పోకూడదు. ఊది చూసింది నేనే, సాయంత్రం దాకా నోట్లో నూనె చేదు పోలేదు. బిగించాక పావుగంట ఇంజన్ను కాగనిచ్చి, హోటలు ముందు అటూ ఇటూ నాలుగు సార్లు తోలి ఆపి చూసుకున్నాం. వేడి మీద కూడా పెడలు దిగింది. అప్పుడు మస్తాన్ "ఎక్కక్కా" అన్నాడు.

రెండున్నరకు కదిలాం. దాచిన లాగుడు లేదు కనుక వాలులో ఇంజన్ ఆపకుండా, రెండో మూడో గేరులోనే పోయాం. దారిలో గొర్రెలాయన కనబడితే మస్తాన్ బండి ఆపి చూపించాడు. ఆయన చెయ్యి ఊపాడు. సరళ ఫోన్ మీద ఫోన్ చేస్తోంది, వస్తున్నాం అనడం తప్ప నేను చెప్పగలిగిందేమీ లేదు.

చేను చేరేసరికి మూడూ ముప్పావు. ట్రాక్టరు ఇంకా అక్కడే ఉంది. గొర్రు పలక మీద, కాళ్లు కిందికి వేలాడేసి, మా చెల్లెలు కూర్చుని ఉంది.

ట్రాక్టరాయన నన్ను చూసి మొర పెట్టుకున్నాడు. "ఏందక్కా ఇది, మూడు గంటల కాడి నుంచి లెయ్యదు! ఆడ ఇంకొకరు సేన్లో కాచుకోనుండారు."

"ఇత్తనం దిగేదాకా లేచేది లేదని చెప్పినా కదన్నా," అంది సరళ, లేవకుండానే. మొదటి మూట దించాకే లేచింది. నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. చీకటి పడేలోపు చేనంతా విత్తడం అయిపోయింది.

మర్నాడు కళ్యాణదుర్గంలో నాలుగు వందల్లోపే సరైన గొట్టం దొరికింది, గుండు మళ్లీ తన చోటికి చేరింది. ఇప్పుడు ఆలోచిస్తే, ఆ రోజు నేను నిజంగా భయపడాల్సింది బ్రేకు పట్టనప్పుడు కాదు, దాని పాటికది పట్టినప్పుడు అనిపిస్తుంది. అప్పుడే నేను ఎగిరి గంతేశాను. చెల్లెలి చేను గురించిన ఆత్రం అబద్ధం కాదు, కానీ ఆ ఆత్రంతోనే మేం ఒక మనిషి మీదకు పోయి ఉండేవాళ్లం. పాత డీజిల్ బండి మీద లోడుతో బయల్దేరేవాళ్లకు నా సలహా ఒక్కటే. ఇంజన్ ఆపి పెడలు తొక్కి, కాలు తీయకుండా స్టార్ట్ చేసి, అది కిందికి దిగుతుందో లేదో చూసుకోండి. ఇంటి దగ్గర చల్లగా ఉన్నప్పుడు ఒకసారి, బాగా వేడెక్కాక ఇంకోసారి.

మొన్న సరళ ఫోటో పంపింది, మొలకలు సాళ్లుగా లేచాయి. మస్తాన్‌కు చూపిస్తే సంతోషపడి, "మొలకలు సరేక్కా, ఆ పైపు ఏమైంది?" అని అడిగాడు. ఆ రోజు పారేయబోతే సరళ లాక్కుని ఇంటి ముందు దానిమ్మ మొక్కకు వేసుకుందని, బిరడా పీకేస్తే ఆ కన్నంలోంచి చుక్క చుక్కా నీళ్లు కారుతున్నాయని చెప్పాను.

"కారనీలేక్కా," అన్నాడు మస్తాన్. "ఆడ కారితేనే మంచిది."