ఊఁ కొట్టని కథ

మా కథ టీవీలో రాలేదు. ఎనభైల నడుమ గిరిజనుల కథలంటూ ఒక సీరియల్ వచ్చింది, అందులో చాలామంది కథలు చూపించారు, మాది చూపించలేదు. "చేతికొచ్చింది పోగొట్టుకుంటివే" అని ఇప్పటికీ జాలిపడేవాళ్లు ఉన్నారు. పోగొట్టుకోవడమేమిటి? మేమే ఇవ్వలేదు. ఆ తేడా తెలియాలంటే మొదట్నించీ చెప్పాలి.

మేము ఎరుకలవాళ్లం. పుంగనూరు చివర, మదనపల్లె రోడ్డు పక్కన మావాళ్ల ఇళ్లు పదో పన్నెండో ఉండేవి. నాయన రామకుప్పం అడవి దిక్కుకు పోయి వెదురు తెచ్చేవాడు, అమ్మ గంపలు అల్లేది. మదనపల్లె మార్కెట్టుకు టమేటాలు మోసిన గంపల్లో చాలావాటికి మా అమ్మ చేతులు తగిలి ఉంటాయి. టమేటాలు తిన్నవాళ్లెవరికీ ఆ సంగతి పట్టలేదు, అది వేరే విషయం.

మా ఇళ్లల్లో కథ చెప్పడానికి ఒక కట్టుబాటు ఉంది. వినేవాళ్లు ఊఁ కొట్టాలి. కొట్టకపోతే చెప్పేవాళ్లు అక్కడే ఆగిపోతారు. పిల్లల్ని పడుకోబెట్టేటప్పటి ఊఁ కాదది. కులపంచాయితీలో ఒక మనిషి తన గోడు చెప్పుకుంటుంటే ఊఁ కొట్టినవాడు ఆ గోడుకు సాక్షి. రేపు ఎవరడిగినా "అవును, విన్నాను, నమ్మినాను" అని నిలబడాలి. నమ్మనివాడు నోరు మూసుకుని కూర్చుంటాడు. అందుకే మావాళ్లు ఊరికే ఊఁ కొట్టరు.

డెబ్బైల మొదట్లో, నాకు ఎనిమిదేళ్లప్పుడు, ఒక రైతు బావి దగ్గర కరెంటు మోటారు పోయింది. ఏ ఊరో రాయను. భయపడి కాదు, ఆ రైతు మనవళ్లు తరువాత నా దగ్గరే చదువుకున్నారు, వాళ్లేం పాపం చేశారు? మోటారు పోతే పోలీసులు ఎక్కడికొస్తారు? ఊళ్లో కోడి తప్పిపోయినా మా ఇళ్లకే వచ్చేవాళ్లు. నాయన అప్పుడే అడవి నుంచి వెదురు మోపు దించి కాళ్లు కడుక్కుంటున్నాడు. తడికాళ్లతోనే పట్టుకుపోయారు.

అమ్మ ఏడవలేదు. మరుసటి ఉదయం వెదురు దబ్బలు నెత్తిన పెట్టుకుని, కత్తి నడుముకు దోపుకుని, నన్ను వెంటబెట్టుకుని పోయి స్టేషన్ ఎదురుగా రోడ్డు పక్కన కూర్చుంది. గంప మొదలుపెట్టింది. "ఏయ్, లేసి పో" అని ఒక పోలీసు అరిస్తే, "ఇది రోడ్డు సామీ. నీ స్టేషను ఆ పక్క ఉండాది" అంది. తొమ్మిది రోజులు అక్కడే. మార్కెట్టుకు పోయే రైతులు ఆగి గంప అడిగితే, "ఇస్తా. ముందు కూసో. నా కత ఇను. ఊఁ కొడితే గంప, లేకుంటే నీ దోవన నువ్వు పో" అనేది. టమేటాలు చేలో పండి కూర్చున్నాయి, గంప లేకపోతే ఎట్లా? కూర్చునేవాళ్లు. మొదట నవ్వుతూ, తరువాత నవ్వకుండా ఊఁ కొట్టేవాళ్లు. కొందరు కొట్టకుండా లేచిపోయారు. వాళ్లకు గంప ఇవ్వలేదు.

తొమ్మిదో రోజు మోటారు దొరికింది. ఆ రైతు సొంత బావమరిదే కలికిరిలో అమ్ముకున్నాడట. నాయన్ను వదిలేశారు. కానీ అప్పటికే, దెబ్బలు తాళలేక, ఆయన ఏదో కాగితం మీద వేలిముద్ర వేసేశాడు. అందులో ఏముందో చదవడం రాదు, ఏముంటుందో మాత్రం తెలుసు. ఊరికి అది చాలు. "చెయ్యనోడు ఏలెందుకు ఏస్తాడు?" అన్నారు. మోటారు దొరికినా ఆ మాట చావలేదు. నాయన పుంగనూరు సంతకు పోవడం మానేశాడు. అమ్మ ఎవరికైనా ఆ తొమ్మిది రోజుల కథ మొదలుపెడితే చాలు, పని పక్కన పెట్టి బయటికి వెళ్లిపోయేవాడు. ఏళ్లు గడిచాయి. తన కథకు తను ఒక్కసారీ ఊఁ కొట్టలేదు.

నేను చదువుకుని, కుప్పం దగ్గర బడిలో టీచరై రెండేళ్లయ్యాక, టీవీ కేంద్రం వాళ్లు పేపర్లో ప్రకటన వేశారు. గిరిజనుల కథలు గిరిజనులే కాగితం మీద రాసుకొచ్చి చెప్పాలట, నచ్చినవాటిని సీరియల్ తీస్తారట. మా వైపు అప్పుడప్పుడే మిద్దెల మీద ఏంటెనాలు లేస్తున్నాయి. నా ఆశ ఒక్కటే. నాయన్ను దొంగ అన్న ఊరంతా ఆ పెట్టె ముందు కూర్చుని ఆయన దొంగ కాదని చూడాలి. ఆయన మళ్లీ తలెత్తుకుని సంతకు పోవాలి. నాకు వేరే పేరూ వద్దు, ఊరూ వద్దు.

మదనపల్లెలో ట్రావెలర్స్ బంగళాలో కథలు వినడానికి ఒక అధికారి, ఆయన వెంట ఇద్దరు వచ్చారు. ఒక్కొక్కరికి పది నిమిషాలు. నా వంతు వచ్చింది. "మా నాయన కాళ్లు కడుక్కుంటుంటే పోలీసులొచ్చారు" అని ఆగాను. ఊఁ రాలేదు. ముగ్గురూ తలలు వంచుకుని రాసుకుంటున్నారు. ఇంకో వాక్యం చెప్పి మళ్లీ ఆగాను. మళ్లీ రాలేదు. బీయెస్సీ చదివిన దాన్ని, బడిలో నలభై మందికి పాఠం చెప్పే దాన్ని, నా నోరు పెగలడం లేదు! "మరిచిపోయారామ్మా? పరవాలేదు, కాగితం చూసి చదవండి" అన్నాడు అధికారి. నాకు ఒళ్లు మండింది, దాని వెంటే ఏడుపూ వచ్చింది.

అప్పుడు గుమ్మం దగ్గర నుంచి "ఊఁ" అని వినిపించింది. చూస్తే వాళ్ల జీపు డ్రైవరు, మదనపల్లె సాయిబు, నెరిసిన గడ్డం, తలుపుకు ఆనుకుని నిలబడి ఉన్నాడు. "చెప్పమ్మా, పోలీసులొచ్చినారు, ఊఁ" అన్నాడు. ఇక నేను ఆగలేదు. ఆయన ఊఁ కొడుతుంటే అమ్మను రోడ్డు పక్కన కూర్చోబెట్టాను, రైతుల్ని కూర్చోబెట్టాను. ఆరో రోజుకు వచ్చేసరికి పది నిమిషాలు అయిపోయాయి. "చాలమ్మా, మిగతాది కాగితంలో ఉంది కదా" అన్నాడు అధికారి. బయటికొస్తుంటే డ్రైవరు, "నాకు కాగితం ఇయ్యరు కదమ్మా. ఆయప్ప బయటికొచ్చినాడా లేదా?" అని అడిగాడు. ఇంకో మనిషిని లోపలికి పిలుస్తున్నారు, నన్ను పక్కకు నెట్టేశారు, జవాబు చెప్పలేకపోయాను.

మీ కథ ఎంపికైందని ఉత్తరం వచ్చిన రోజు బడిలో పిల్లల ముందే ఏడ్చేశాను. ఒక ఆదివారం పొద్దున ఆ అధికారే జీపులో పుంగనూరు వచ్చాడు. మా వాకిట్లో కుర్చీ వేశాం. అమ్మ గంప అల్లుతోంది, నాయన ఆ పక్కన వెదురు చీలుస్తున్నాడు. ఆ డ్రైవరే జీపు దిగి నీడకు నిలబడ్డాడు. "తెర మీదికి రావాలంటే కొంచెం మార్చాలి కదా" అని అధికారి స్క్రిప్టు తీసి చదవడం మొదలుపెట్టాడు.

అందులో మోటారు దొంగిలించింది మా నాయనే! పేదరికం వల్ల. అమ్మ నిండుగా పూసలేసుకుని, బెత్తం పట్టుకుని ఎరుక చెప్పి మోటారు ఎక్కడుందో కనిపెడుతుంది. ఒక మంచి ఇన్‌స్పెక్టరు క్షమిస్తాడు. నాయన కన్నీళ్లు పెట్టుకుని మారిపోతాడు, ప్రభుత్వం ఒక ఆవును ఇస్తుంది. చివర పాట. "ప్రేక్షకులకు మార్పు చూపించాలమ్మా. ఏ తప్పూ చేయని మనిషిలో మార్పేముంది?" అన్నాడు నాతో. మనిషి చెడ్డవాడు కాదు. మాకు మేలు చేస్తున్నానని నిజంగానే నమ్మాడు, అది ఇంకా కడుపు మండే విషయం.

నేను నోరు తెరిచేలోపు ఆయన ఆగి అమ్మను చూశాడు. అంతసేపు చదివినా అమ్మ నోటి నుంచి చిన్న చప్పుడైనా రాలేదు. "ఏమ్మా, నచ్చలేదా? ఏమీ అనరేం?"

"నీ కతకు నేను ఊఁ కొట్టను సామీ" అంది అమ్మ, అల్లిక మీంచి చూపు తిప్పకుండా. "ఊఁ కొడితే రేపు నేను సాచ్చికం నిలబడల్ల. నా మొగుడు దొంగని నా నోటితో నేనే చెప్పల్లనా?"

అధికారి నవ్వబోయి మానుకున్నాడు. సంచిలోంచి ఒక అంగీకార పత్రం, ఇంకు ప్యాడ్ తీశాడు. "ఇంటి యజమాని ముద్ర వేస్తే చాలు. టీచరుగారు తరువాత ఆలోచించుకుంటారు" అని నాయన ముందుకు జరిపాడు. ఆ నల్లటి ప్యాడ్ చూసి నాయన కత్తి కింద పెట్టాడు, లేచాడు. ఎప్పటిలాగే వెళ్లిపోతాడనుకున్నాను. వెళ్లలేదు. రెండు చేతులూ చంకల్లో దాచుకుని నిలబడ్డాడు.

"ఏలు ఇయ్యను సామీ" అన్నాడు. "ఒగసారి కొట్టి ఏపిచ్చుకున్నారు. నువ్వు ఆవునిచ్చి ఏపిచ్చుకోవాలని సూస్తాండావు. ఇయ్యను."

నాయన పరాయి మనిషి ముందు అంత మాట్లాడడం నేనెప్పుడూ వినలేదు. "టీచరుగారూ, మంచి అవకాశం, మీరైనా చెప్పండి" అన్నాడు అధికారి. "నా సంతకమూ లేదు సార్" అన్నాను. మా తాతలు దిగొచ్చి చెప్పినా పెట్టను అని కూడా అన్నాను. అనకుండా ఉండాల్సిందని ఇన్నేళ్లలో ఒక్కసారీ అనిపించలేదు.

ఆయన కాగితాలు సర్దుకుని లేచాడు. "ఏం తొందర? కూసో సామీ" అంది అమ్మ. "నీ కత అంతా ఇంటిమి గదా. ఇప్పుడు నా కత నువ్విను." అధికారి గడియారం చూసుకుంటూ జీపు వైపు నడిచాడు. డ్రైవరు మాత్రం కదల్లేదు. జీపు తాళం జేబులో వేసుకుని, తువ్వాలు పరిచి అమ్మ ఎదురుగా మఠం వేసుకుని కూర్చున్నాడు. "ఆరో దినం కాడ నిలిచిపోయిందమ్మా. కానీ నువ్వు మొదట్నించే చెప్పు" అన్నాడు.

అమ్మ కొత్త గంపకు దబ్బలు పేర్చుకుంది. "మా ఇంటాయన రామకుప్పం నించి వచ్చి కాళ్లు కడుక్కుంటాండె" అంది, ఆగింది.

"ఊఁ."

ఆ ఊఁ డ్రైవరుది కాదు. వెనక వెదురు మోపు దగ్గర నిలబడ్డ నాయనది. గట్టిగానే అన్నాడు. అమ్మ చేతిలో దబ్బ ఆగిపోయింది. వెనక్కి తిరగలేదు, కళ్లు మాత్రం కొంగుతో తుడుచుకుంది. "తడికాళ్లతోనే పట్టుకపోయిరి" అంది. "ఊఁ" అన్నాడు నాయన. తొమ్మిదో రోజు దాకా అన్నాడు. జీపులోంచి అధికారి రెండుసార్లు హారను కొట్టాడు, కథ అయ్యేదాకా ఎవరమూ లేవలేదు.