ఆఖరి బేలు మీద కూర్చున్నవాడు

మా ముత్తాతగారు ఊరికి మునసబు. ఆయన అరుగు ముందు నుంచి పోయేవాళ్ళు గొడుగు ముడిచి పోయేవారట. మా తాతగారు చిలకలూరిపేట రోడ్డు మీద పత్తి గింజలు వేరుచేసే జిన్నింగు మిల్లు పెట్టినవారు. చుట్టుపక్కల ఏ రైతు పత్తి బండి కట్టినా ముందు మా గేటు దగ్గర ఆపి, ధర అడిగి, ఆ తరువాతే ముందుకు కదిలేవాడు. మా నాన్నగారు ఆ మిల్లుకు రెండో యజమాని, ఆఖరి యజమాని కూడా. నేను ఇంకొకరి నూలు మిల్లులో నెల జీతం మీద పనిచేసి రిటైరయ్యాను. ఈ వరస చెప్పుకోవడానికి నాకు సిగ్గు లేదు. కింది మెట్టు నాదైనంత మాత్రాన పై మెట్లను మరిచిపోవాలని ఎక్కడా రాసిలేదు. మొన్న ఆదివారం ఇదంతా మళ్ళీ తవ్వి తీసింది మా అమ్మాయి. హైదరాబాదులో ఏదో పెద్ద కంపెనీలో పనిచేస్తుంది. సెలవు మీద వచ్చి, పెసరట్టు పళ్ళెం ఒళ్ళో పెట్టుకుని, ఎడమ చేత్తో ఫోను మీద నక్షత్రాలు నొక్కుతోంది. ఏమిటమ్మా అంటే, కంపెనీ వాళ్ళు ఉద్యోగుల అభిప్రాయాలు అడిగారట. మీ మేనేజరు మీ మాట వింటాడా అన్నదానికి ఐదు నక్షత్రాల్లో ఎన్ని ఇస్తావని ప్రశ్న. పేరు చెప్పనక్కరలేదట. "పేరు చెప్పకుండా తిడితే తిట్టినట్టు ఎలా అవుతుందే" అన్నాను. "మీ రోజుల్లో ఎలా తిట్టేవాళ్ళు నాన్నా" అంది నవ్వుతూ. తింటున్న అట్టు పక్కన పెట్టేశాను. అంత మంచి ప్రశ్న నన్నెవరైనా అడిగి చాలా ఏళ్ళయింది.

మా తాతగారి మిల్లులో ఒక ఆచారం ఉండేది. పత్తి కాలం ముగిసే రోజున దూదిని అదిమి మూట కట్టే ప్రెస్సులోంచి వచ్చిన ఆఖరి బేలును లారీకి ఎక్కించేవారు కాదు. దాన్ని ఆవరణ మధ్యలోకి దొర్లించేవారు. మా తాతగారు ఇస్త్రీ పంచె, జరీ కండువాతో వచ్చి దాని మీద కూర్చునేవారు. చుట్టూ పత్తి ఏరే ఆడవాళ్ళు, ప్రెస్సు దగ్గరి మగవాళ్ళు, హమాలీలు. పెద్ద కాగులో నిమ్మకాయ నీళ్ళు కలిపి ఉంచేవారు. కాగు ఖాళీ అయ్యేదాకా ఎవరు ఏమైనా అనవచ్చు. ఏడాదంతా కడుపులో దాచుకున్నది యజమాని ముఖం మీదే అనాలి, ఆయన వినాలి. ఒక్కటే షరతు. ఆయన నోరు తెరవకూడదు. తెరిచాడా, ఆ క్షణాన ఎదుటి మనిషి ఏది అడుగుతుంటే అది ఇచ్చి తీరాలి. అందుకని అడగటం సగం, రెచ్చగొట్టడం సగం. ఆయన మీసాల మీద పాటలు కట్టేవారు, మా నాయనమ్మ పోయించే పలచటి మజ్జిగ మీద కట్టేవారు. మా తాతగారు గుళ్ళో విగ్రహంలా కూర్చునేవారు. నేను చూసినన్నాళ్ళూ ఆయన పెదవి కదలలేదు. మర్నాడు మాత్రం గుమాస్తాను పిలిచి, విన్నవాటిలో న్యాయంగా తోచినవన్నీ చేయించేవారు. మా నాన్నగారికి అంత నిగ్రహం లేదు. ఆయన బేలు మీద కూర్చున్న మొదటి ఏడాదే ఒక హమాలీ లేచి, "మా కాళ్ళకి చెప్పుల్లేవు బాబుగారూ, తమరి చెప్పులు చూస్తే కిర్రుకిర్రుమని కచేరీ చేస్తన్నయ్యి" అన్నాడు. నాన్నగారు ఫక్కున నవ్వి "ఓరి నీ దుంపతెగ" అన్నారు. ఆ ఏడు మిల్లు మొత్తానికి కొత్త చెప్పులు వచ్చాయి.

మా మిల్లు మూతపడ్డాక, తొంభైల చివర్లో నేను హైవే పక్కన కొత్తగా వెలసిన పెద్ద నూలు మిల్లులో పనివాళ్ళ వ్యవహారాలు చూసే పర్సనెల్ ఆఫీసరుగా చేరాను. అది మిల్లు కాదు, ఒక ఊరు. గేటు దగ్గర నుంచి క్యాంటీను దాకా నడిస్తే తల మీద దూది పేరుకునేది. ‘మనమంతా ఒకే కుటుంబం’ అని గోడ నిండా నీలం రంగుతో రాయించారు. దాని కింద సలహాల పెట్టె. నెలకోసారి తాళం తీస్తే వక్కపొడి పొట్లాలు, చిరిగిన బస్సు టిక్కెట్లు రాలేవి. కొన్నాళ్ళకు కోయంబత్తూరు వైపు నుంచి కొత్త జనరల్ మేనేజరు గారు వచ్చారు. మనిషి మెత్తన, పని గట్టి, తెలుగు జాగ్రత్తగా ఏరుకుని మాట్లాడేవారు. హెడ్డాఫీసు వాళ్ళు ఆయన్ని, యాజమాన్యం గురించి పనివాళ్ళు ఏమనుకుంటున్నారో కనుక్కోమన్నారు. క్యాంటీనులో మైకు పెట్టి మీటింగు పెట్టారు. అందరూ చేతులు కట్టుకుని కూర్చున్నారు. చివరికి ఒకాయన లేచి, ఫ్యాను తిరగటం లేదని చెప్పి కూర్చున్నాడు. ఆ సాయంత్రం మేనేజరు గారు నన్ను పిలిచి, "వీళ్ళు సంతోషంగా ఉన్నారా, భయంగా ఉన్నారా? నాకు తెలియలేదు" అన్నారు. ఆ ముఖం చూసి నాకు మా తాతగారి బేలు గుర్తొచ్చింది. చెప్పాను. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "ఏది అడిగితే అది ఇవ్వాలా?" "నోరు తెరిస్తేనండి." "మీ తాతగారు ఎప్పుడూ తెరవలేదా?" "ఎప్పుడూ లేదండి." ఆయనకు పౌరుషం వచ్చింది. "మా ఊళ్ళో ప్రతి సోమవారం మౌనవ్రతం చేసేవాణ్ణి. ఏర్పాటు చేయండి" అన్నారు.

ఆ వారం నా కాళ్ళు నేల మీద ఆనలేదు. మా ఇంటి ఆచారం ఒకటి, మా ఇంటి పేరుతోనే ఆ కాంపౌండులో అడుగుపెట్టబోతోంది. నిమ్మకాయలు నేనే ఏరి తెచ్చాను. గోడౌనులో బేళ్ళన్నీ తట్టి చూసి, పట్టీలు తీరుగా ఉన్నదాన్ని ఎంచాను. ఇంకో సంగతి కూడా మనసులో ఉంది. రెండో షిఫ్టు ఆడవాళ్ళను కంపెనీ బస్సు హైవే మీద దింపేసి పోతోంది. అక్కడి నుంచి ఊళ్ళోకి మిరప చేల మధ్య చీకట్లో నడక. బస్సు ఊళ్ళోకి పంపమని నేను పైకి ఎన్నిసార్లు చెప్పినా, పరిశీలిస్తున్నాం అన్న జవాబే. ఆ ఊరి ఆడవాళ్ళకు ముందు నిలిచేది నూలు చుట్టే వైండింగు సెక్షన్లో పనిచేసే ఒకావిడ. అందరూ పెద్దక్క అనేవారు. వాళ్ళమ్మ మా మిల్లులో పత్తి ఏరిన మనిషి. బేలు సంగతి నేను చెప్పగానే పెద్దక్క, "నోరు తెరిస్తే ఇవ్వాల్సిందేగా బాబుగారూ? మజ్జలో మాట మార్చరుగా?" అని అడిగింది. మార్చనన్నాను.

మధ్యాహ్నం షిఫ్టు మారే వేళకు ఆవరణ నిండిపోయింది. మేనేజరు గారు తెల్ల చొక్కాతో వచ్చి, బేలు మీద కూర్చుని, పెదవులు బిగించారు. అప్పుడు ఒక ఫిట్టరు గొంతు సవరించుకున్నాడు. "గోడ మీద ఒకే కుటుంబం అని రాశారు గదండీ. మరి మీ టీ గాజు గ్లాసులో, మా టీ ప్లాస్టిక్కు కప్పులో ఎందుకొస్తందండీ?" వెనక నుంచి ఎవరో, "ఆయన అల్లుడురా" అన్నారు. "అల్లుడైతే పండక్కొచ్చి పోవాల గానీ, ఏడాదంతా ఉంటాడేంట్రా" అన్నాడు ఫిట్టరు. ఆవరణంతా గొల్లుమంది. మేనేజరు గారి చెవులు ఎర్రబడ్డాయి, పెదవులు విడలేదు. ఇక కట్ట తెగింది. "దారం తెగితే మిషను దానంతటదే ఆగుద్ది. నేను మంచినీళ్ళకి పోతే సూపర్వైజరు గడియారం చూస్తాడు. మిషనుకున్న మర్యాద నాకు లేదాండీ" అందొకామె. "ఇంగ్లీషులో తిడితే తిట్టో మెచ్చుకోలో తెలవట్లేదు, తెలుగులో తిట్టించండి సారు" అన్నాడింకొకడు. నన్నూ వదల్లేదు. "ఈ ఆఫీసరు గారు వెదురు కర్ర మింగినట్టు నడుస్తారేందండీ? వంగితే ఇరుగుద్దా?" అన్నారు. బేలు మీద లేకపోయినా నేనూ నోరు మెదపలేదు. నడుము ఇంకాస్త నిటారు చేశాను.

కాగు అడుగుకొచ్చింది. మేనేజరు గారు గెలిచేటట్టే ఉన్నారు. అంతదాకా మాట్లాడని పెద్దక్క ఆఖరి గ్లాసు ముంచుకుని ముందుకొచ్చింది. వేళాకోళమేదైనా ఆడుతుందనుకున్నాను. ఆడలేదు. "రెండో షిఫ్టు అయినాక మమ్మల్ని రోడ్డు మీద దింపుతున్నారండీ. ముందు నేను నడుస్తా, ఎనక మా కోడలు నడుస్తది. మజ్జలో పెళ్ళికాని పిల్లలు. మొన్న మబ్బు పట్టిన్నాడు ఒకరి కొంగు ఒకరు పట్టుకుని పోయాం. ఈ నెలాఖరుకి పిల్లల్ని పని మానిపిస్తామని వాళ్ళ నాన్నలు కూర్చున్నారు. బస్సు ఊళ్ళోకి రావాలండీ." అంతే, ఆగి ఆయన వంక చూస్తూ నిలబడింది. గ్లాసులో నీళ్ళు అలాగే ఉన్నాయి. మేనేజరు గారు ముందుకు వంగారు. "ఎంత దూరం నడుస్తారమ్మా?" అన్నారు.

దూదికి కూడా చప్పుడుంటుందని ఆ క్షణాన తెలిసింది. ఆయన ముఖంలో రంగు మారింది. ఫిట్టరు మెల్లిగా, "తెరిచారు" అన్నాడు. ఆ మాట ఆవరణ చివరికి పోయి, అక్కడి నుంచి కేకగా తిరిగొచ్చింది. ఆడవాళ్ళు ఒకరినొకరు వాటేసుకున్నారు. పెద్దక్క మాత్రం నవ్వలేదు. గ్లాసులో నీళ్ళు గడగడ తాగి, ఖాళీ గ్లాసు బేలు మీద ఆయన పక్కన బోర్లించి, "బస్సండీ" అంది. ఆయన నా వైపు తిరిగారు. "మా ఇంటి షరతండి, మార్చే అధికారం నాకు లేదు" అన్నాను. అంత గర్వంగా నేను ఏ మాటా అనలేదు. ఆయన లేచి, చొక్కాకు అంటిన దూది దులుపుకుని, "రేపటి నుంచే" అన్నారు. బస్సు కాంట్రాక్టరు ఇరుకు దారి అని గొణిగాడు గానీ, మర్నాటి నుంచి బస్సు ఊళ్ళోకి పోయి, మిరపకాయలు ఆరబోసే కల్లం దగ్గర తిరిగి వచ్చేది. పిల్లలెవరూ పని మానలేదు.

కొన్నాళ్ళకు ఆయన గదిలో ఇద్దరమే ఉన్నప్పుడు అడిగాను. ఆ రోజు నోరు జారిందా, కావాలనే తెరిచారా అని. ఆయన పెదవుల మీద వేలు పెట్టి, గోడ మీది క్యాలెండరు చూపించారు. ఆ రోజు సోమవారం. మా తాతగారు మౌనంతో నిలబెట్టుకున్న పెద్దరికం ఒకటుంది. అది ఒక్క ప్రశ్నతో నిలబడటం కూడా నేను చూశాను. రెండూ చూసినవాణ్ణి నేనొక్కణ్ణే. తరువాత వచ్చిన మేనేజరు అచ్చు కాగితాలు పంచి, టిక్కులు పెట్టమన్నారు.

అంతా విని మా అమ్మాయి, చివర ఒక ఖాళీ చోటు ఉంది నాన్నా, ఏం రాయను అంది. "నీకేం కావాలో అది రాయి. కింద పేరు కూడా రాయి" అన్నాను. చాలాసేపు ఆలోచించి ఏదో రాసింది. నేను అడగలేదు. ఇన్నేళ్ళలో కాలం మా ఇంట్లోంచి మోసుకుపోయినవి చాలానే ఉన్నాయి గానీ, మేనేజరు గారు బేలు మీద కూర్చున్న ఆ మధ్యాహ్నపు ఎండ మాత్రం ఇంకా నా వీపు మీద వెచ్చగానే ఉంది. మా జిన్నింగు మిల్లు ప్రెస్సును నాన్నగారు పాత ఇనుము కింద అమ్మేశారు. బేలు పెట్టే ఆవరణ ఆ మరుసటి ఏడాది ప్లాట్ల కింద పోయింది.